గట్టు దారి బాగుంటుంది, జూన్‌లో తప్ప

మూడేళ్ళ క్రితం, రాజమండ్రి నుంచి కోనసీమ చుట్టి వచ్చే ఈ సైకిలు దారి గురించి ఎవరడిగినా ఒకటే మాట చెప్పేవాణ్ణి: "బొబ్బర్లంక దాటాక ఎత్తూ లేదు, పల్లమూ లేదు. బడిపిల్లలు కూడా తొక్కేయొచ్చు." ఆ మాట నమ్మి మా ఆఫీసులో ఇద్దరు గేర్ల సైకిళ్ళు కొన్నారు. అందులో ఒకాయన ఇప్పుడు నాతో ముక్తసరిగా మాట్లాడతాడు. పదకొండు సార్లు తిరిగొచ్చాక నా మాటని కాస్త సవరించుకోవాల్సి వచ్చింది.

దారి చాలామందికి తెలిసిందే. ధవళేశ్వరం బ్యారేజీ మీదుగా బొబ్బర్లంక, అక్కణ్ణుంచి ఆత్రేయపురం, లొల్ల, ర్యాలి, రావులపాలెం, కొత్తపేట, పలివెల, అయినవిల్లి, ముక్తేశ్వరం. అక్కడ పంటు, అంటే మనుషుల్నీ బళ్ళనీ దాటించే పడవ, ఎక్కి గోదారి పాయ గౌతమి దాటితే కోటిపల్లి. ఆపైన ద్రాక్షారామం, రామచంద్రపురం, మళ్ళీ రాజమండ్రి. నేను శని, ఆదివారాలు రెండూ పెట్టుకుంటాను. ఒక్క రోజులో కొట్టేసేవాళ్ళూ ఉన్నారు, వాళ్ళకి నా సలహాలు అక్కర్లేదు.

నాకు ఈ దారిలో పిచ్చి ఉన్నది ఒక్కదాని మీదే, కాలవగట్టు. వీలున్న ప్రతిచోటా తార్రోడ్డు వదిలేసి గట్టెక్కేస్తాను. కోనసీమ ఊళ్ళు రోడ్డుకి ముఖం చూపిస్తాయి, కాలవకి పెరడు చూపిస్తాయి. రోడ్డు మీద పోతే ఫ్లెక్సీలు, సిమెంటు కొట్లు. గట్టు మీద పోతే రేవు మెట్ల మీద గిన్నెలు తోమేవాళ్ళు, గేదెల్ని నీళ్ళలోకి దింపి వాటి వీపుల మీద కూర్చున్న కుర్రాళ్ళు, దడి మీద ఆరేసిన దుప్పట్లు. పొద్దున ఏడు గంటలకి కాలవ మీంచి వచ్చే చల్లటి గాలిలో పచ్చి కొబ్బరిపీచు వాసన, కట్టెల పొయ్యి పొగ కలిసి ఉంటాయి. హారన్ లేదు, లారీ లేదు. ఎదురొచ్చే ముసలాయన "ఏ ఊరండీ మనది?" అని ఆపితే ఆగాల్సిందే.

లొల్ల లాకుల దగ్గర మాత్రం ప్రతిసారీ దిగుతాను. 1852లో కాటన్ దొర ఆనకట్ట పూర్తయ్యాక ఈ కాలవలు సాగుకే కాదు, పడవలకీ దారి అయ్యాయి. లాకు రెండు తలుపుల మధ్య నీటిని నింపి, వదిలి, పడవని మెట్టు దింపినట్టు కింది మట్టానికి దింపేవాళ్ళు. అంటే నేను పల్లం లేదంటున్న ఈ నేల నిజానికి సముద్రం వైపు వాలుతూనే ఉంది. కాళ్ళకి తెలియదు గానీ నీళ్ళకి తెలుసు.

కాళ్ళకి తెలియకపోవడంతోనే వచ్చింది మా ఆఫీసాయన బాధ. ఘాట్‌రోడ్డులో ఎక్కడం ఉంటుంది, తర్వాత దిగడం ఉంటుంది. దిగేటప్పుడు పెడలు మీద నిలబడి నడుముకి కాస్త విశ్రాంతి ఇవ్వొచ్చు. ఇక్కడ ఆ ముచ్చట లేదు. తొక్కడం ఆపితే సైకిలు ఆగుతుంది. నాలుగు గంటలు ఒకే తీరుగా కూర్చుని తొక్కితే సీటు గురించి మనిషికి కొత్త సంగతులు తెలుస్తాయి. దానికి తోడు మధ్యాహ్నమైతే సముద్రపు గాలి ఎదురు తగులుతుంది. ఆ గాలికి ఏ కొండా అడ్డు లేదు. చదును నేల మీద ఎదురుగాలి కూడా ఒక ఎత్తేనని నాకు నాలుగోసారికి గానీ ఎక్కలేదు.

ఇవన్నీ సర్దుకున్నాను. సర్దుకోలేనిది నిరుడు జూన్ సంగతి.

ఏటా వేసవిలో కాలవలకి నీళ్ళు కట్టేస్తారు. ఆ నెలన్నరలో పొక్లెయిన్లు దిగి పూడిక తీస్తాయి, తీసిన ఒండ్రుని గట్టు మీదే పోస్తాయి. మేలో అది ఎండి పిండిలా ఉంటుంది. జూన్‌లో నీళ్ళు వదిలారని విని, కొత్త నీళ్ళు చూద్దామన్న ఉబలాటంతో ఒక్కణ్ణే బయల్దేరాను. కొత్తపేట దాటి గట్టెక్కిన పావుగంటకి జల్లు మొదలైంది. పది నిమిషాలే కురిసింది. ఆ పది నిమిషాలు చాలు.

మొదట టైరు బరువెక్కింది. పంచరేమో అనుకున్నాను. వెనక్కి తిరిగి చూస్తే చక్రం రెండింతలు లావుగా ఉంది. ఒండ్రు, దాంట్లో ఎండుగడ్డి, కొబ్బరాకు ముక్కలు, అన్నీ కలిసి గోడకి మెత్తడానికి కలిపిన మట్టిలా తయారైంది. అది మడ్‌గార్డుకీ టైరుకీ మధ్య దూరి బిగుసుకుపోయింది. తొక్కితే తిరగదు, దిగి నెడితే జారుతుంది గానీ తిరగదు. మోద్దామంటే పదిహేను కిలోల సైకిలు ఎంత బరువైందో తెలియదు, భుజం మీదికి రాలేదు. చెప్పులు చెరో కిలో మట్టి పట్టాయి. కుడి పక్క కాలవ, ఎడమ పక్క బురద చేను. రోడ్డు కనపడుతూనే ఉంది, వెళ్ళే దారే లేదు. ఓ అర కిలోమీటరు ఈడ్చడానికి నలభై నిమిషాలు పట్టింది.

కొబ్బరికాయలు ఒలుస్తున్న పెద్దాయన ఒకడు చూసి చేతిలో పని వదిలి వచ్చాడు.

"ఆయ్, ఇయ్యాల గట్టు మీదకొచ్చారేంటండీ బాబూ? మొన్నేగా పూడిక పోశారు."

"తెలీలేదు బాబాయ్. ముక్తేశ్వరం రేవుకి పోవాలి, పంటు అందుతుందా?"

"ముందు చక్రం తిరగనివ్వండి, తర్వాత పంటు."

ఒక కొబ్బరిమట్ట తీసుకుని కత్తితో నిలువునా చీల్చాడు. ఆ బద్దని మడ్‌గార్డు కిందకి దూర్చి, ఇటు నుంచి అటు లాగాడు. ఇటుకరాయి అంత పెళ్ళ ఊడి పడింది. అలా నాలుగు లాగుళ్ళు. సందుల్లో మిగిలినదాన్ని ఈనెపుల్లలతో తీశాడు. తర్వాత ఇద్దరం సైకిల్ని రేవు మెట్ల మీదికి దింపి గేదెని కడిగినట్టు కడిగాం. "ఈ రేకులు పీకి పారెయ్యండి, ఆటికే అంటుకుంటందండి" అని మడ్‌గార్డులు చూపించాడు. ఆ మడ్‌గార్డులు నేను విడిగా డబ్బు పెట్టి బిగించుకున్నవి, వాన కోసం.

డబ్బు ఇవ్వబోతే కోప్పడ్డాడు. పైపెచ్చు ఒక బోండం కొట్టిచ్చాడు.

రేవుకి చేరేసరికి చీకటి పడింది, పంటు వెళ్ళిపోయింది. ఎదురుగా కోటిపల్లి దీపాలు కనిపిస్తున్నాయి. రోడ్డున పోదామంటే ఎగువన రావులపాలెం వంతెన, దిగువన యానాం పక్కన ఎదుర్లంక వంతెన. ఎటు పోయినా ఆ రాత్రి తొక్కే దూరం కాదు. ట్రాలీ ఆటోలో సైకిలు వేసుకుని అమలాపురం పోయి లాడ్జిలో పడుకున్నాను. మర్నాడు పొద్దున్నే వచ్చి పంటు ఎక్కాను. మోటారు సైకిళ్ళు, పాలక్యాన్ల మధ్య సైకిల్ని ఆనించి నిలబడితే గౌతమి మీద మంచులా పల్చటి తెర. పంటు మీద ఆ పావుగంటతో రాత్రి కోపమంతా దిగిపోయిందని చెప్పను. సగం దిగింది.

గుళ్ళ గురించి ఎక్కువ రాయను. ర్యాలిలో మాత్రం హడావిడి పడొద్దు. ఒకే రాతిలో ముందు వైపు కేశవుడు, వెనక వైపు మోహిని, జడతో సహా. పూజారిగారు దీపం పట్టుకుని వెనక్కి తిప్పి చూపిస్తారు. ద్రాక్షారామంలో భీమేశ్వరుడి లింగం రెండంతస్తుల ఎత్తు, మెట్లెక్కి పైనుంచి కూడా దర్శనం చేసుకోవచ్చు. సైకిలు నిక్కరుతో లోపలికి వెళ్ళడం బాగుండదు, సంచిలో ఒక పంచె పెట్టుకోండి. నా పంచె ఎండలో తల మీదికి, పంటు మీద కింద పరుచుకోడానికి, ఒకసారి చైను తుడవడానికి కూడా పనికొచ్చింది. ఆఖరిదానికి ఇంట్లో మాటలు పడ్డాను.

నవంబరు చివర నుంచి ఫిబ్రవరి దాకా గట్టు గట్టిగా ఉంటుంది, కాలవ నిండుగా ఉంటుంది. అయితే కోతలప్పుడు తార్రోడ్డు మీద సగం ధాన్యం ఆరబోసి ఉంటుంది, వడ్ల మీద తొక్కితే తిట్లు న్యాయమే. కనుమ రోజు అంబాజీపేట వైపు పోకండి, జగ్గన్నతోట ప్రభల తీర్థానికి జనం కిక్కిరిసి సైకిలు నడిపించుకోడానికి కూడా సందుండదు. చూడ్డానికైతే సైకిలు ఇంట్లో పెట్టి వెళ్ళండి. మేలో కాలవలో నీళ్ళుండవు, నేనైతే వెళ్ళను. గోదారికి వరదొస్తే పంటు ఆపేస్తారు.

నాకు ఈ దారి నచ్చడానికి నేను రాజమండ్రిలో ఉండటం సగం కారణం. తాళం వేసి గుమ్మం దిగితే ప్రయాణం మొదలవుతుంది, వాన పడితే వాయిదా వేసుకుంటాను. హైదరాబాద్ నుంచి రైల్లో సైకిలు పార్సిల్ వేయించుకుని, సెలవు పెట్టుకుని వచ్చేవాళ్ళకి ఆ వెసులుబాటు లేదు. వాళ్ళు గట్టు మీద ఆశ పెట్టుకోకుండా తార్రోడ్డున వచ్చి, బాగున్న చోట గట్టెక్కితే మేలు. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి ఇది మంచిదే అంటాను, నాకున్నాయి కాబట్టి. నడుం నొప్పి ఉన్నవాళ్ళ సంగతి మా ఆఫీసాయన్ని అడగాలి.

మడ్‌గార్డులు తీసేశాను. కార్తీకంలో మా బావమరిది వస్తానంటున్నాడు. ఒండ్రు సంగతి చెప్పాను. ఎదురుగాలి సంగతి ఇంకా చెప్పలేదు.