‘డెత్ స్ట్రాండింగ్’లో శక్తులున్న వాళ్లంతా బాధితులే

‘డెత్ స్ట్రాండింగ్’ అనే ఈ వీడియో ఆట మొదట్లోనే కథానాయకుడు సామ్ చేత ఒక శవాన్ని మోయిస్తారు. చనిపోయినావిడ అమెరికా అధ్యక్షురాలు, సామ్‌ను పెంచిన తల్లి కూడా. ఆమె దేహాన్ని వీపుకు కట్టుకొని, నగరం దాటి, గుట్టల నడుమ ఉన్న దహనశాల దాకా అతడు ఒంటరిగా నడిచి వెళ్లాలి. ఎందుకంటే ఆ లోకంలో సకాలంలో దహనం చేయని శవం ‘బీటీ’ అనే ప్రేతంగా మారుతుంది, ఆ ప్రేతం బతికున్న మనిషిని మింగితే ఊరికి ఊరే పేలిపోయి పెద్ద గొయ్యి మిగులుతుంది. విదేశీ ఆటగాళ్లకు ఇది వింత నియమం కావచ్చు గానీ, పొద్దు గుంకక ముందే శవాన్ని కాటికి చేర్చాలని ఆరాటపడే ఇళ్లలో పెరిగిన మనకు దీన్ని ఎవరూ విడమరిచి చెప్పనక్కరలేదు. నల్లగొండలోని మా ఇంట్లో నేను ఆడుతుంటే వెనుక కూర్చున్న మా అమ్మ ఆ ఘట్టం చూసి, “పెంచినా కొడుకే గదా, మరి ఆయనే మొయ్యాలె” అని ఊరుకుంది.

జపాన్‌కు చెందిన ఆటల రూపకర్త హిడెయో కొజిమా 2015లో కొనామి అనే ఆటల సంస్థను విడిచి సొంత స్టూడియో పెట్టుకున్నాక చేసిన తొలి ఆట ఇది. 2019 నవంబరు 8న ప్లేస్టేషన్ 4కు, 2020 జూలైలో కంప్యూటర్లకు వచ్చింది; నేను ఆడినది 2021 సెప్టెంబరులో ప్లేస్టేషన్ 5 కోసం విడుదలైన ‘డైరెక్టర్స్ కట్’. ‘డెత్ స్ట్రాండింగ్’ అనే విపత్తు వల్ల బతికినవారి లోకానికీ చచ్చినవారి లోకానికీ మధ్య ఉన్న కట్ట తెగిపోయింది. మిగిలిన కొద్దిమంది గోడలు కట్టుకున్న నగరాల్లో, నేలమాళిగల్లో తలదాచుకున్నారు. వాళ్లకు మందులూ విడిభాగాలూ మోసుకెళ్తూ, తూర్పు తీరం నుంచి పడమటి తీరం దాకా ఆ నగరాలను ఒక వలలోకి కలపడం సామ్ పని. దీని కథ గురించీ దృశ్యాల గురించీ ఇప్పటికే చాలామంది రాశారు కనుక, నేను ఇందులోని మనుషులకున్న అతీత శక్తుల గురించే రాస్తాను. కొన్ని మలుపులు బయటపెట్టక తప్పదు; ఇంకా ఆడని వారు గమనించగలరు.

ఆటల్లో శక్తి అనేది సాధారణంగా జీతం వంటిది: నలుగురిని చంపితే పాయింట్లు వస్తాయి, పాయింట్లు పెడితే కొత్త మంత్రం వస్తుంది. ఇక్కడ దాని పేరు ‘డూమ్స్’, అది సంపాదించుకునేది కాదు, అంటుకొని ఉండేది. ఆటలోని పాత్రలు ఆ మాటను వాడే తీరు కూడా, ఆస్తమా ఉన్నదనో చక్కెర జబ్బు ఉన్నదనో చెప్పుకునే తీరులోనే ఉంటుంది. డూమ్స్ ఉన్నవారికి చావు లోకంతో పుట్టుక నుంచే ఏదో బంధం ఉంటుంది, పీడకలలు వెంటాడుతాయి. ఒక్కొక్కరిలో దాని తీవ్రత ఒక్కో స్థాయిలో ఉంటుంది. సామ్‌ది తక్కువ స్థాయి కావడంతో ప్రేతాలు దగ్గరికి వస్తే ఒళ్లు జలదరిస్తుందే గానీ కంటికి కనబడవు. వాటిని పసిగట్టడానికి అతడు గాజు డబ్బాలో ఉన్న ఒక పసికందును రొమ్ముకు తగిలించుకొని తిరగవలసి వస్తుంది. బ్రెయిన్ డెడ్ అయిన తల్లి కడుపులోంచి తీసిన ఆ బిడ్డకు కూడా తన శక్తి గురించి ఏమీ తెలియదు. ప్రేతాల జాడ చూపే, సామ్ భుజం మీది స్కానర్ గిర్రున తిరుగుతుంటే భయపడి ఏడవడం ఒక్కటే దానికి తెలిసింది.

సామ్‌కు ఉన్న రెండో శక్తి చావు నుంచి తిరిగి రావడం. లోయలో పడి చచ్చినా నీటి అడుగున ఉన్నటువంటి ఒక మధ్యలోకంలో తేలుతూ, తన దేహాన్ని వెతుక్కొని మళ్లీ అందులోకి దూరుతాడు. ఆటగాడికి ఇది సౌకర్యమే, కానీ చావు రాకపోవడాన్ని మన వాళ్లు అశ్వత్థామ నాటి నుంచి శాపంగానే చూశారు, కొజిమా కూడా అలాగే చూశాడు. సామ్ ఒంటి నిండా చేతుల ముద్రలుంటాయి. అతడికి ఎవరైనా తాకితే పడదు, కరచాలనానికి చేయి చాచిన వాళ్లను చూసి వెనక్కి జరుగుతాడు. ప్రేతం చేతిలో చిక్కి పేలుడు జరిగితే అతడు తిరిగి వస్తాడు గానీ, ఆ గొయ్యి మన పటంలో అలాగే మిగులుతుంది. అతడి రక్తం ప్రేతాలకు విషం కనుక దానితో గ్రెనేడ్లు చేస్తారు. రక్తమే కాదు, స్నానం చేసిన నీళ్లనూ మూత్రాన్నీ కూడా వదిలిపెట్టకుండా ఆయుధాలుగా మలుస్తారు. చదవడానికి ఇది నవ్వు పుట్టించే విషయమే, కానీ ఒక కూలివాడి దేహంలోంచి చివరి చుక్క దాకా పనికి వచ్చేది పిండుకునే, సామ్‌ను పనిలో పెట్టుకున్న సంస్థ పద్ధతి నాకు ఎక్కువసేపు నవ్వు తెప్పించలేదు.

నన్ను అన్నింటికంటే కలవరపెట్టిన పాత్ర ఫ్రాజైల్. ఆ లోకంలో పడే వాన ‘టైమ్‌ఫాల్’, తాను తాకినదాని కాలాన్ని పరుగెత్తిస్తుంది. ఇనుప పెట్టెలు తుప్పుపట్టిపోతాయి, మొక్కలు చూస్తుండగానే మొలిచి ఎండిపోతాయి, మనిషి చర్మం మీద పడితే అంతమేరకు ముసలిదైపోతుంది. ఒక నగరాన్ని బాంబు నుంచి కాపాడటానికి ఫ్రాజైల్ ఒంటి మీద సరైన బట్ట లేకుండా ఆ వానలో పరుగెత్తవలసి వచ్చింది. ముఖం యువతిదిగా మిగిలింది, మెడ కింద దేహమంతా ముడతలు పడిన వృద్ధురాలిది. గొడుగుతో, చేతి తొడుగులతో కనిపించే ఆ మనిషి ఒక తొడుగు విప్పి చేయి చూపించినప్పుడు, ఇది కట్టుకథ అన్న భావన నాకు కలగలేదు. మా మేనత్త వాళ్లది మర్రిగూడ మండలంలోని ఊరు. అక్కడి బోరు నీళ్లలో ఉన్న ఫ్లోరైడ్, లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదన్న హద్దును ఎప్పుడో దాటి, నలభై ఏళ్లు రాకముందే మనుషుల వెన్ను వంచిన సంగతి జిల్లాలో తెలియని వారు లేరు. నీళ్లలో సున్నం, పటిక కలిపి ఫ్లోరైడ్‌ను తగ్గించే పద్ధతికి లోకమంతటా ‘నల్లగొండ టెక్నిక్’ అని మా ఊరి పేరే స్థిరపడింది. నీళ్లు మనిషిని ముసలివాణ్ణి చేయడమన్నది కొజిమాకు ఊహ కావచ్చు. ముఖం పడుచుగా, మోకాళ్లు ముసలిగా ఉన్న మనుషుల పక్కన కూర్చొని నేను చిన్నప్పుడు అన్నం తిన్నాను.

ఫ్రాజైల్ శక్తి ఏమిటంటే, ఉన్నచోటు నుంచి మాయమై తనకు తెలిసిన మరోచోట తేలడం. ఆమె సామ్‌ను కూడా అలా దాటించగలదు, కానీ అతడి వీపు మీది సరుకు వెంట రాదు. ఈ చిన్న నిబంధనలో రూపకర్త తెలివి అంతా ఉంది. సరుకు చేరవేయడమే ప్రాణమైన ఆటలో ఎగిరిపోయే శక్తి ఇచ్చి, ఆ శక్తి సరుకుకు పనికిరాదని చెప్పడం వల్ల, గుట్ట ఎక్కి దిగవలసిన పని ఎవరి శక్తితోనూ తప్పదు. నేను యాభై గంటలకు పైగా ఆడినా ఆ సౌకర్యాన్ని వాడుకున్నది వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్ని సార్లే.

హార్ట్‌మన్ సంగతి వేరు. అతడి గుండె ప్రతి 21 నిమిషాలకు ఒకసారి ఆగిపోతుంది. 3 నిమిషాలు చచ్చి ఉంటాడు. రొమ్ముకు కట్టుకున్న యంత్రం షాక్ ఇచ్చి లేపుతుంది. రోజుకు 60 చావులన్న మాట, లెక్క సరిగ్గా 24 గంటలకు సరిపోతుంది. ఆ 3 నిమిషాల్లో అతడు ‘బీచ్’ అనే తీరానికి వెళ్లి, పోగొట్టుకున్న భార్యనూ కూతురినీ వెతుకుతాడు. ఆ తీరం మన వైతరణి ఒడ్డు వంటిదే గానీ, అందరికీ కలిపి ఒకటి కాదు, ఎవరి తీరం వారిదే. హార్ట్‌మన్ ఒక్కడే ఇతరుల తీరాలలోకి తొంగిచూడగలడు. మనతో మాట్లాడుతూ మాట్లాడుతూ గడియారం చూసుకొని, క్షమించమని మర్యాదగా చెప్పి, సోఫాలో వాలి చచ్చిపోతాడు. మొదటిసారి నవ్వు వచ్చింది. లేచిన వెంటనే ఈసారి కూడా కనబడలేదని మామూలు గొంతుతో చెప్పి, ఆపిన వాక్యాన్ని ఆపిన చోటు నుంచి అందుకున్నప్పుడు నవ్వు పోయింది. బతికి ఉన్న 21 నిమిషాలను అతడు సెలవు దినాల్లా చూస్తాడు. చావు లోకంలోనే అతడి ఉద్యోగం, కుటుంబం అన్నీ ఉన్నాయి. ఆటల్లో ఇంతకన్నా వింత శక్తిని నేను చూడలేదు, ఇంత నిరుపయోగమైన శక్తినీ చూడలేదు.

మామా అనే శాస్త్రజ్ఞురాలి కథను క్లుప్తంగానే చెబుతాను, చూడవలసినదే గనుక. కూలిన ఆసుపత్రి శిథిలాల కింద పుట్టీపుట్టకుండా పోయిన ఆమె బిడ్డ ప్రేతమై, బొడ్డుపేగుతో ఆమెకే అంటుకొని గాలిలో తేలుతూ ఉంటుంది. ఆ పేగు తెగితే గాని ఆమె ఆ చోటు విడిచి కదలలేదు. చివరికి ఆమెను కవల సోదరి దగ్గరికి సామ్ వీపు మీద మోసుకెళ్లే నడక ఈ ఆటలోని ఉత్తమ ఘట్టం. ప్రతినాయకుడు హిగ్స్ మాత్రం నాకు నచ్చలేదు. ప్రేతాలను పిలిపించగలడు, ఎక్కడ పడితే అక్కడ ప్రత్యక్షం కాగలడు, బంగారు పుర్రె ముసుగు తొడుక్కుంటాడు. అతడిని పలికించిన ట్రాయ్ బేకర్ గొప్ప నటుడే, కానీ శక్తికి వెల చెల్లించనట్టు కనబడే పాత్ర ఆటంతటిలో అతనొక్కడే కావడంతో, పక్క ఊరి నాటకంలోంచి దారితప్పి వచ్చిన రాక్షసుడిలా ఉంటాడు. అతడి పిలుపుతో వచ్చే భారీ ప్రేతాలతో పోరాటాలు కూడా గ్రెనేడ్లు విసురుతూ గుండ్రంగా తిరగడమే.

ఇన్ని శక్తుల మధ్య ఆటగాడి చేతికి నిజంగా అప్పగించేది బరువు మోయడం. కంట్రోలర్‌పై రెండు మీటలు రెండు చేతుల్లా పనిచేస్తాయి. ఎడమకు తూలితే కుడి నొక్కాలి, కుడికి తూలితే ఎడమ. చెప్పులు అరుగుతాయి, వాగులో లోతు ఎక్కువైతే మూటలు కొట్టుకుపోతాయి, ఎత్తుగా పేరిస్తే మలుపులో ఒరుగుతాయి. దేవరకొండ దిక్కు నుంచి వెళ్లి ఎన్నో రాష్ట్రాల డ్యాములు, కాలువల పనుల్లో తట్టలు మోసిన మా పెద్దనాయన ఒకరోజు ఇంటికి వచ్చి, నేను ఆడుతుండగా కాసేపు చూసి, “గంత ఎత్తు పేరిస్తే తూలవా బిడ్డా? ఒక్క దిక్కే బరువు పెట్టినవ్, నడుము పోతది. కిందికి దించి రెండు దిక్కుల సమానం జెయ్” అన్నాడు. ఆయనకు ఆట భాష తెలియదు, ప్రేతాలను పట్టించుకోలేదు. ఆయన చెప్పినట్టు సర్దితే సామ్ తూలడం తగ్గింది. ‘పాలమూరు లేబర్’ అన్న పేరు దేశమంతా మోగినా, ఆ మోత వెనుక ఉన్న నేర్పును నేను ఒక జపాన్ ఆట వల్ల మొదటిసారి అడిగి తెలుసుకున్నందుకు కొంత సిగ్గు కూడా కలిగింది.

ఇంటర్నెట్‌కు కలిపి ఆడితే ఇతరులు కట్టిన నిచ్చెనలు, వంతెనలు, వాన నుంచి తలదాచుకునే గుడిసెలు మన పటంలో కనబడతాయి. మనుషులు మాత్రం కనబడరు. అలసి కూలబడే దశలో ఒక నిచ్చెన మీదుగా నది దాటుతున్నప్పుడు దాన్ని వేసిన వాడెవడో మనకు తెలియదు, ఒక ‘లైక్’ ఇచ్చి ముందుకు పోతాం. ఎండాకాలం మిర్యాలగూడ రోడ్డు మీద చలివేంద్రంలో నీళ్లు తాగినప్పుడు కుండ పెట్టిన వారి పేరు అడగని పద్ధతి ఇదే. రోడ్లకు కావలసిన లోహాలూ సిరామిక్సూ తలా కొంత పోసి పూర్తి చేయడంలో ఉన్న తృప్తి, ఏ పోరాటం గెలిచినా నాకు రాలేదు.

లోపాలు తక్కువేమీ కాదు. పాత్రలు తమ శక్తి ఏమిటో తామే వివరిస్తాయి, తర్వాత మరొకరు వివరిస్తారు, చాలదన్నట్టు అదే విషయం ఈమెయిలుగా వస్తుంది. గుండె జబ్బు మనిషికి హార్ట్‌మన్ అనీ, శవాల ముక్కలతో కూర్చిన దేహం ఉన్నవాడికి డెడ్‌మన్ అనీ పేర్లు పెట్టడం, మనకు ‘గుండెయ్య’, ‘శవయ్య’ అని పిలిచినంత మొరటుగా వినిపిస్తుంది. తెలుగు ఉపశీర్షికలు లేవు. ఇంగ్లీషు బాగా వచ్చిన వారికే సగం మాటలు అంతుపట్టని కథ ఇది. మొదటి పది గంటలు ఓపికకు పరీక్ష. ‘డైరెక్టర్స్ కట్’లో చేర్చిన సరుకు విసిరే ఫిరంగి, వెంట నడిచే రోబో వంటివి ప్రయాణాన్ని సులువు చేస్తాయి, అందుకే వాటిని కొంతకాలం ముట్టుకోవద్దని నా సలహా; కష్టం తెలియకముందే అవి చేతికి వస్తే ఈ ఆటలో చూడటానికి సినిమా ముక్కలు తప్ప ఏమీ మిగలదు. రెండో భాగం 2025 జూన్‌లో వచ్చింది గానీ, దీన్ని పూర్తి చేయకుండా దాని జోలికి పోవద్దు.

తుపాకులు పేల్చడం కోసం ఆటలు కొనేవారికి దీన్ని సిఫారసు చేయను. నెమ్మదిగా సాగే కథలంటే ఇష్టమై, వారానికి నాలుగు రాత్రులు ఇవ్వగలిగిన వారు నిస్సంకోచంగా కొనవచ్చు. ఒక్క జాగ్రత్త: సామ్ పడిపోయినప్పుడల్లా ఆ డబ్బాలోని బిడ్డ ఏడుపు టీవీలోంచి కాక కంట్రోలర్‌లోని స్పీకర్‌లోంచి వస్తుంది, కంట్రోలర్‌ను ఉయ్యాలలా ఊపితే గాని ఆగదు. రాత్రి ఒంటిగంటకు మా అమ్మ లేచి వచ్చి పక్కింటి పసివాడికి ఏమైందోనని తలుపు తీసిన తర్వాత, ఆ స్పీకర్ ధ్వనిని తగ్గించుకున్నాను.