మైనస్ 19లో మా ఇంటి సామాన్లు: నాలుగేళ్ళ వాడకం తర్వాత రివ్యూ

ఇది ఒక్క వస్తువు రివ్యూ కాదు, మొత్తం ఇంటిది. మేముండేది డాలస్‌కి ఉత్తరాన, ఫ్రిస్కోలో. 2021 ఫిబ్రవరి మంచు తుఫానులో మాకు 80 గంటలకు పైగా కరెంటు లేదు. ఆ తర్వాత కొన్న జనరేటరు, బ్యాటరీ, మార్చిన గీజరు మరో నాలుగు చలికాలాలు చూశాయి. టెక్సస్‌కి కొత్తగా వచ్చి ఇల్లు కొనే మనవాళ్ళు "పొయ్యి గ్యాస్, హీటర్ గ్యాస్, గీజర్ గ్యాస్, ఇంక చలికాలం భయమేముంది" అంటుంటారు. నేనూ అచ్చం అలాగే అనుకున్నాను.

ఫిబ్రవరి 15 తెల్లవారుజామున రెండు దాటాక కరెంటు పోయింది. మెలకువ వచ్చింది చలికి కాదు, నిశ్శబ్దానికి. అటక మీద ఇల్లు వేడిచేసే ఫర్నేస్ మోత, ఫ్రిజ్ గురగుర, అన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. టెక్సస్ గ్రిడ్ నడిపే ఎర్కాట్ ఆ రాత్రి రాష్ట్రమంతా కోతలు పెట్టమని ఆదేశించింది. బావుల దగ్గర గ్యాస్ గడ్డకట్టింది, ప్లాంట్లు ఒకదాని వెంట ఒకటి ఆగిపోయాయి, కొన్నిచోట్ల గ్యాస్‌ని తోసే కంప్రెసర్లకే కరెంటు తీసేశారు. సరఫరా చాలకపోతే పడిపోయే గ్రిడ్ ఫ్రీక్వెన్సీ, 60 హెర్ట్జ్ ఉండాల్సింది, 59.3కి జారింది. 59.4 కింద నాలుగు నిమిషాల 23 సెకన్లు ఉంది. తొమ్మిది నిమిషాలు అలాగే ఉండుంటే మరిన్ని ప్లాంట్లు వాటంతటవే విడిపోయి, గ్రిడ్ మొత్తం కుప్పకూలేదట. ఇదంతా నాకు తర్వాత తెలిసింది. ఆ రాత్రి నాకు తెలిసింది ఒక్కటే: మా కరెంటు కంపెనీ పంపిన మెసేజ్‌లో "కాసేపు" అని ఉంది.

కోవిడ్ వల్ల తెనాలి తిరిగి వెళ్ళలేక అమ్మ అప్పటికి మా దగ్గరే ఉండిపోయింది. టార్చి వెలుగులో నా మొహం చూసి, "ఒరేయ్, మెట్ల కింద మనకున్నట్టు ఇన్వర్టర్ లేదట్రా మీకు?" అంది. లేదు. తెనాలిలో రెండు గదుల ఇంటికి కూడా ఉండేది, ఇక్కడ నాలుగు బెడ్‌రూముల ఇంటికి లేదు. మెట్లు మాత్రం ఉన్నాయి.

ముందు ఫర్నేస్ సంగతి. ఇది గ్యాస్‌తో మండుతుంది, నిజమే. కానీ ఆ వేడిని గదుల్లోకి నెట్టే ఫ్యానుకి, మంట వెలిగించే ఇగ్నైటర్‌కి, బోర్డుకి అన్నింటికీ కరెంటే దిక్కు. గ్యాస్ పైపులో ప్రెషర్ నిక్షేపంగా ఉంది, ఫర్నేస్ మాత్రం ఇనప పెట్టెలా కూర్చుంది. 16వ తేదీ ఉదయం డాలస్ విమానాశ్రయంలో మైనస్ 2 ఫారెన్‌హీట్, అంటే సెల్సియస్‌లో మైనస్ 19. డెబ్బై ఏళ్ళ పైచిలుకులో అంత చలి లేదు. ఇంట్లో పడగ్గదులు 38 ఫారెన్‌హీట్‌కి (3 సెల్సియస్) దిగాయి. కొబ్బరినూనె సరే, అది నవంబరు నుంచే గడ్డ. ఆవకాయ జాడీలో నూనె కూడా మైనంలా తెల్లబడి, గరిటె దిగలేదు. స్మార్ట్ థర్మోస్టాట్ మాత్రం తన చిన్న బ్యాటరీతో రెండు రోజులు వెలుగుతూనే ఉంది, ఇల్లు ఎంత చల్లగా ఉందో డిగ్రీలతో సహా చెప్పడానికి.

మమ్మల్ని కాచింది హాల్లోని పాత ఫైర్‌ప్లేస్. ఇల్లు కొన్నప్పుడు "పాతకాలందండీ, తీయించేస్తే టీవీకి జాగా వస్తుంది" అన్నారు. బద్ధకించి ఊరుకున్నాను. అందులో ఎప్పుడూ చిన్న పైలట్ మంట వెలుగుతూ ఉంటుంది. ఆ మంట వేడికే వాల్వు తెరుచుకునేంత కరెంటు పుడుతుంది, గోడ ప్లగ్గుతో పని లేదు. హాలుకి దుప్పట్లు తెరలుగా కట్టి నలుగురం అక్కడే పడుకున్నాం. ఆ మూల వరకు 52 ఫారెన్‌హీట్ (11 సెల్సియస్). అయిదుకి అయిదు మార్కులు. ఈ మధ్య వస్తున్న రిమోట్ ఫైర్‌ప్లేసుల్లో చాలావాటికి కరెంటు కావాలి. కొనేటప్పుడు ఆ ఒక్క ప్రశ్న అడగండి.

పొయ్యి కూడా నిలబడింది. నాబ్ తిప్పి అగ్గిపుల్ల పెడితే బర్నర్లు వెలిగాయి, ఓవెన్ వెలగలేదు. పప్పు, అన్నం కుక్కర్లో అయిపోయేవి. మిక్సీ లేదు కాబట్టి పచ్చడి రోట్లో. చలి కాచుకోడానికి మాత్రం పొయ్యి వెలిగించి వదిలేయలేదు. "ఒక కుంపటి ఉంటే బాగుణ్ణు" అని అమ్మ రెండుసార్లు అంది. మన ఊళ్ళో కిటికీలకీ తలుపులకీ సందులుండే ఇళ్ళు వేరు, ఇక్కడ చీమ దూరకుండా బిగించిన ఇళ్ళు వేరు. ఆ వారం హ్యూస్టన్ వైపు బొగ్గుల గ్రిల్లు ఇంట్లోకి తెచ్చుకుని, మూసిన గ్యారేజీలో కారు స్టార్ట్ చేసుకుని కార్బన్ మోనాక్సైడ్‌కి బలైనవాళ్ళున్నారు. ఆ తుఫానులో చనిపోయినవారు ప్రభుత్వ లెక్క ప్రకారమే 246 మంది. ఇంట్లో బ్యాటరీతో నడిచే కార్బన్ మోనాక్సైడ్ అలారం లేకపోతే మిగతా రివ్యూ తర్వాత చదవండి, ముందు అది కొనండి.

ఇక మాకు అసలు దెబ్బ కొట్టింది గీజరు. ట్యాంకు లేనిది, గోడకి బిగించేది, ఎంతసేపైనా వేడినీళ్ళు వస్తాయని మురిసిపోయి 2018లో పెట్టించాను. ఇక్కడ చాలా ఇళ్ళలో లాగే మాది కూడా బయటి గోడకి ఉంది. లోపల నీళ్ళు గడ్డకట్టకుండా చిన్న హీటర్లు ఉంటాయి కదా అని ధైర్యం. అవి నడిచేది కరెంటుతో! కరెంటు పోయిన కొన్ని గంటలకే లోపలి రాగి గొట్టాల్లో నీళ్ళు ఐసయ్యాయి. ఆ సంగతి అప్పుడు తెలీదు. పైపులు పగిలినప్పుడు కాదు, కరిగినప్పుడు తెలుస్తుంది.

18వ తేదీ మధ్యాహ్నం ఎండ వచ్చింది. కరెంటు కూడా వచ్చింది. అందరం హమ్మయ్య అనుకుంటుంటే పక్కగోడ అవతల వాన పడుతున్న చప్పుడు. మూత తీసి చూస్తే వేలంత రాగి గొట్టం మీద గోటితో గీసినట్టు సన్నటి చీలిక, దాంట్లోంచి విసనకర్రలా నీళ్ళు. దాని వాల్వు తిప్పబోతే బిగుసుకుపోయి ఉంది. ఇంటి ముందున్న నీళ్ళ మీటర్ పెట్టె దగ్గరికి పరుగెత్తాను. మూత ఐసుతో అతుక్కుపోయి ఉంది. కెటిల్లో మరిగించిన నీళ్ళు పోసి మూత లేపితే, వాల్వు తిప్పే పొడుగు తాళం మా దగ్గర లేదు. అలాంటిది ఒకటుంటుందనే నాకు తెలీదు. చివరికి పట్టకారుతో బోర్లా పడుకుని, బురదలో చెయ్యి పెట్టి తిప్పాను. గీజరు వాల్వు వదులయ్యాక దాన్ని మూసి, మీటర్ వాల్వు మళ్ళీ తెరిచాం. ప్లంబర్ రావడానికి 19 రోజులు పట్టింది. అన్ని రోజులూ ట్యాపుల్లో చన్నీళ్ళే, పెద్ద గిన్నెల్లో కాచి బకెట్లో కలుపుకోవడమే. చెంబూ బకెట్టూ వాడటం మనకి కొత్తా? పక్కింటి అమెరికన్ దంపతులకి ఆ విద్య అమ్మ సైగలతో నేర్పింది.

ట్యాంకు లేని గీజరుకి అయిదుకి రెండు. మామూలు రోజుల్లో అయితే నాలుగున్నర. మళ్ళీ అదే రకం పెట్టించాను గానీ ఈసారి గ్యారేజీ లోపల. కరెంటు పోయి బయట 20 ఫారెన్‌హీట్ (మైనస్ 7 సెల్సియస్) కిందకి దిగితే గ్యాస్ ఆపి, నీళ్ళు ఆపి, కింద ఉన్న రెండు డ్రెయిన్ మూతలూ విప్పి ఖాళీ చేసేస్తాను. పది నిమిషాల పని. కంపెనీ పుస్తకంలో ఆ బొమ్మ 40వ పేజీలో ఎక్కడో ఉంది.

ఇంటర్నెట్ గురించి ఎక్కువ రాయను. రౌటర్‌కి ఏదో ఒక బ్యాటరీ పెట్టుకుంటాం, కానీ వీధి చివర కంపెనీ పెట్టెకి కరెంటు లేకపోతే మనం చేసేదేమీ లేదు. ఫోన్ టవర్ మొదటి రోజు సాయంత్రానికి నీరసించింది. కార్లో రేడియో పనిచేసింది.

2021 వేసవిలో జనరేటర్ కొన్నాను. 2 వేల వాట్ల ఇన్వర్టర్ రకం, పెట్రోలుతోనూ ప్రొపేన్‌తోనూ నడుస్తుంది. ఇల్లంతటికీ కాదు, ఫర్నేస్‌కి 600 వాట్లు, ఫ్రిజ్, రౌటర్, రెండు లైట్లు, అంతే. డిసెంబరులో సరదాగా పరీక్షిద్దామని ఎలక్ట్రీషియన్ చేత ఫర్నేస్‌కి మాత్రం ట్రాన్స్‌ఫర్ స్విచ్ (గ్రిడ్ కరెంటు నుంచి జనరేటర్ కరెంటుకి మార్చేది) పెట్టించి కనెక్ట్ చేశాను. ఇగ్నైటర్ ఎర్రబడింది, మంట అంటుకుంది, నాలుగు సెకన్లకి ఠక్కున ఆరిపోయింది. మళ్ళీ అదే. మూడోసారి తర్వాత బోర్డు మీద ఎర్రలైటు మెరుస్తూ మొండికేసింది. జనరేటర్ పాడైందనుకున్నాను, ఫర్నేస్ పాడైందనుకున్నాను. రెండూ బాగానే ఉన్నాయి! మంట నిజంగా ఉందో లేదో ఫర్నేస్ ఒక సన్నటి కరెంటుతో కనిపెడుతుంది, ఆ కరెంటు ఎర్త్ గుండా తిరిగి రావాలి. చిన్న ఇన్వర్టర్ జనరేటర్లలో చాలావాటికి న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ సంబంధం ఉండదు, అందుకని మంట కళ్ళముందే మండుతున్నా ఫర్నేస్‌కి కనపడదు. ఎలక్ట్రీషియన్ ఆ రెంటినీ కలిపే చిన్న ప్లగ్గు ఒకటి జనరేటర్‌కి పెట్టాడు. పది నిమిషాల్లో ఇల్లు వేడెక్కింది. ఇది మీ వైరింగ్ చూసి ఎలక్ట్రీషియన్ చెయ్యాల్సిన పని, వీడియో చూసి చేసేది కాదు. నేను చెప్పేదల్లా, కొన్నాక, తుఫాను వచ్చేదాకా ఆగకుండా ఒక చలి రాత్రి అన్నీ తగిలించి నడిపి చూసుకోండి. తుఫానులో ఆ ఎర్రలైటు నా ముందు మెరిసి ఉంటే ఏమయ్యేదో అని ఇప్పటికీ టెన్షన్.

ఇంధనం విషయంలో నా ఓటు ప్రొపేన్‌కే. పెట్రోలు ఆర్నెల్లు నిలవ ఉంటే కార్బ్యురేటర్‌లో జిగురు కడుతుంది. 2021లో బంకులకే కరెంటు లేక పంపులు ఆగాయి. సిలిండరు ఎన్నేళ్ళున్నా పాడవదు. బాగా చలిలో ప్రెషర్ తగ్గుతుంది కాబట్టి నిండు సిలిండరే వాడాలి. నా లోడుకి 9 కిలోల సిలిండరు ఒక రాత్రీ, మర్నాడు మధ్యాహ్నం దాకానూ వస్తుంది. జనరేటర్ ఇంటికి కనీసం 20 అడుగుల దూరంలో, పొగ కిటికీల వైపు రాకుండా పెట్టాలి. బట్టలారబెట్టే డ్రయ్యర్ ప్లగ్గులోకి రెండు వైపులా పిన్నులున్న వైరు పెట్టి ఇల్లంతా వెలిగించొచ్చని ఒక మిత్రుడు సలహా ఇచ్చాడు. ఆ కరెంటు వెనక్కి వెళ్ళి స్తంభం ఎక్కిన లైన్‌మన్‌ని చంపుతుంది. ఆ సలహా వాట్సాప్‌లో ఇంకా తిరుగుతూనే ఉంది.

బ్యాటరీ పవర్ స్టేషన్‌కి, అంటే ఇంట్లో పెట్టుకునే పెద్ద బ్యాటరీ పెట్టెకి, అయిదుకి మూడు. చప్పుడు లేదు, పొగ లేదు, పడగ్గదిలో పెట్టుకోవచ్చు. కానీ 2024 జనవరిలో గ్యారేజీలో వదిలేసి, సోలార్ ప్యానెల్ తగిలిస్తే తెర మీద మంచు గుర్తు, పక్కన సున్నా వాట్లు. ఈ రకం లిథియం బ్యాటరీ సున్నా సెల్సియస్ కింద చార్జ్ కాదు, కాకూడదు కూడా. లోపలికి తెచ్చి రెండు గంటలు మనుషుల మధ్య కూర్చోబెడితే దారికొచ్చింది. అప్పటినుంచి దాని చోటు దేవుడి గూటి కింద.

ఇంతకీ గ్రిడ్ సంగతి. 2021లోనే చట్టం చేసి ప్లాంట్లని చలికి సిద్ధం చేయించారు, తర్వాత పెద్ద పెద్ద బ్యాటరీలు చాలా వచ్చాయి. 2024 జనవరి 16న వాడకం 78 వేల మెగావాట్లు దాటినా కోతలు పెట్టలేదు. 2023 ఐసు వానలో ఆస్టిన్‌లో వేలాది ఇళ్ళకి కరెంటు పోయింది గానీ అది గ్రిడ్ వల్ల కాదు, ఐసు బరువుకి చెట్ల కొమ్మలు వైర్ల మీద విరిగిపడటం వల్ల. గ్రిడ్ ఎంత బాగుపడినా మీ వీధి చివరి చెట్టు చెట్టే. ఆ ఐసు వాన రోజు మాకు రెండు గంటలు కరెంటు పోయింది. జనరేటర్ బయటికి లాగేలోపే వచ్చేసింది, కొంచెం నిరాశపడ్డానంటే నమ్ముతారా!

బిల్లు మాటకొస్తే, ఫిక్స్‌డ్ రేటు ప్లాన్ తీసుకోండి. 2021లో టోకు ధర యూనిట్‌కి 9 డాలర్ల దగ్గర రోజుల తరబడి నిలిచిపోయింది, అప్పట్లో మామూలుగా మనం కట్టింది పది పన్నెండు సెంట్లు. టోకు ధరకి ముడిపెట్టిన ప్లాన్‌లో ఉన్న ఒక స్నేహితుడికి ఆ వారం బిల్లు కారు ఈఎంఐలు ఏడాదివి కలిపినంత. ఇళ్ళకి అలాంటి ప్లాన్లు అమ్మడం తర్వాత నిషేధించారు.

ఇల్లంతటికీ సరిపోయే పెద్ద జనరేటర్ పెట్టించమని ఏటా ఒకరు తలుపు తడతారు. కొటేషన్ 12 వేల డాలర్లు. వద్దన్నాను. మా మొత్తం సామానులో అన్నిటికన్నా చవకది ఆ మీటర్ వాల్వు తిప్పే పొడుగు తాళం, 15 డాలర్లు పెట్టి కొన్నాను. గ్యారేజీ తలుపు వెనక మేకుకి వేలాడుతూ ఉంటుంది. మా అమ్మాయి సైకిల్ హెల్మెట్ తెచ్చి దానికే తగిలిస్తుంది, ఎంత వద్దన్నా వినదు.