200 గ్రాముల వ్యాక్స్ డబ్బా, ఒక నల్ల కారు, దాదాపు మూడేళ్లు

2022 దసరాకి కారు తీసుకున్నాం. నలుపు. "ఇన్ని రంగులుండగా నీకీ శని రంగే దొరికిందా?" అని అమ్మ రెండు రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు. ఆవిడ కారణం వేరు గానీ వద్దనడం మాత్రం సబబే. నలుపు మీద దుమ్ము దాగదు, నీటి మరక దాగదు. మురికి గుడ్డతో నాలుగుసార్లు తుడిస్తే చాలు, ఎండలో చూసినప్పుడు సాలెగూడు అల్లినట్టు సన్నగీతలు తేలతాయి. తెల్ల కారు కొని ఉంటే ఇదంతా రాసే పని ఉండేదే కాదు.

డెలివరీ రోజున షోరూంలో పెయింట్ ప్రొటెక్షన్ అంటూ ఒక కాగితం ముందు పెట్టారు. సిరామిక్ కోటింగ్, అంటే పెయింట్ మీద గట్టిగా అతుక్కునే ఒక రక్షణ పొర, పాతిక వేలట. "ఇప్పుడే చేయించుకోండి సార్, తర్వాత పెయింట్ పోతుంది" అన్నాడు సేల్స్ కుర్రాడు. ఇన్సూరెన్సు, లైఫ్ ట్యాక్స్ కట్టి అప్పటికే జేబు ఖాళీ. వద్దన్నాను. ఇంటికొచ్చి ఒక కార్నౌబా పేస్ట్ వ్యాక్స్ డబ్బా, కారు షాంపూ, నాలుగు మైక్రోఫైబర్ గుడ్డలు ఆర్డర్ పెట్టాను. అన్నీ కలిపి రెండున్నర వేలు దాటలేదు. కార్నౌబా అంటే బ్రెజిల్లో పెరిగే ఒక రకం తాటి జాతి చెట్టు ఆకుల మీద పేరుకునే మైనం. సహజంగా దొరికే మైనాల్లో గట్టిది, 82 డిగ్రీలు దాటితే గానీ కరగదు.

ఆ సామాను వచ్చేలోపు పూజ ఉంది కదా. పెద్దమ్మ గుడికి తీసుకెళ్లాం. పంతులుగారు బానెట్ మీద తడి పసుపుతో స్వస్తిక్ వేసి, కుంకుమ బొట్లు పెట్టి, నిమ్మకాయలు తొక్కించారు. ఇంటికొచ్చేసరికి ఆ పసుపు ఎండి పెంకులా బిగుసుకుంది. కారులో ఉన్న పసుపుపచ్చ గుడ్డ తీసి పొడిగానే రుద్దాను. రెండు రుద్దులకే చేతికి గరగర తెలిసి ఆపేశాను గానీ అప్పటికే ఆలస్యమైంది. బానెట్ ఎడమ పక్కన ఆ రెండు రుద్దుల గీతలు ఈరోజుకీ ట్యూబ్‌లైట్ వెలుగులో కనపడతాయి. కారుకి నేను చేసిన మొదటి సేవ అదీ. తర్వాత తెలిసిందేమిటంటే, తడిగుడ్డ పది నిమిషాలు పరిచి ఉంచితే పసుపు దానంతటదే మెత్తబడి జారిపోతుంది. నంబర్ ప్లేటు దగ్గర ప్లాస్టిక్‌కి పట్టిన పసుపు రంగు మాత్రం కొన్నాళ్లు ఉండి ఎండకే వెలిసిపోయింది, బట్టల మీద పసుపు మరక ఎండలో వేస్తే పోయినట్టు.

కొత్త బండికి మూడు నెలల దాకా వ్యాక్స్ పెట్టకూడదని మా అపార్ట్‌మెంట్‌లో ఒకాయన గట్టిగా చెప్పారు. ఆ మాట డెంటింగ్, పెయింటింగ్ చేయించిన బండికి వర్తిస్తుంది. ఫ్యాక్టరీలో పెయింట్‌ని దాదాపు 140 డిగ్రీల వేడిలో కాలుస్తారు, బండి బయటికొచ్చేసరికే అది గట్టిపడి ఉంటుంది. బయట గ్యారేజీలో వేసిన పెయింట్‌కి అంత వేడి తగలదు, ఆరడానికి వారాలు పడుతుంది. పోయినేడు ఒక ఆటో రాసుకుపోయి వెనక బంపర్‌కి రంగు వేయించాల్సి వచ్చినప్పుడు, దాని మీద రెండు నెలలు వ్యాక్స్ పెట్టలేదు.

మొదటి వాష్ ఆదివారం పొద్దున్నే ఆరింటికి, సెల్లార్ పక్క నీడలో. బానెట్ చల్లగా ఉన్నప్పుడే కడగాలి. వేడి రేకు మీద షాంపూ ఆరిపోయి చారలు కడుతుంది. రెండు బకెట్లు పెట్టుకున్నాను, ఒకదాంట్లో షాంపూ నీళ్లు, ఇంకోదాంట్లో ఉత్త నీళ్లు. గ్లవ్‌తో ఒక భాగం తోమాక ముందు ఉత్త నీళ్లలో జాడించి, ఆ తర్వాతే మళ్లీ షాంపూలో ముంచడం. పై నుంచి కిందికి రావాలి, చక్రాలకి వేరే గుడ్డ. "అన్నం వండుకోడానికి కూడా ఇన్ని గిన్నెలు పెట్టవు" అని మా ఆవిడ బాల్కనీలోంచి ఎగతాళి. అంతా అయ్యాక ఆ ఉత్త నీళ్ల బకెట్ అడుగున చూస్తే వేలెడు మందాన ఇసుక తేలకపోయినా, చిటికెడు మన్ను స్పష్టంగా పేరుకుంది. ఒకే బకెట్ అయితే అదంతా మళ్లీ బండి మీదికే వచ్చేది. రంగు మీద రంగులేకుండా ఉండే క్లియర్ కోట్ అనే పై పొర మందం 40, 50 మైక్రాన్లు, అంటే తలవెంట్రుక కంటే సన్నం.

కడిగాక వేళ్లకి పల్చటి ప్లాస్టిక్ కవరు తొడుక్కుని బానెట్ మీద నిమిరితే, కొత్త కారే అయినా గరుగ్గా తగిలింది. యార్డుల్లో నెలల తరబడి నిలబడి, ట్రైలర్ మీద వచ్చిన బండి కదా. పెయింట్‌కి అతుక్కున్న మురికిని లాగేసే క్లే ముద్దతో, షాంపూ నీళ్లు చల్లుకుంటూ మెల్లగా రాస్తే అది పోయింది. ఇది ఏడాదికోసారి చాలు.

ఇక వ్యాక్స్. మొదటిసారి దోసెకి వెన్న రాసినట్టు దట్టంగా పట్టించాను. తుడవలేక చేతులు పడిపోయాయి, తలుపుల అంచుల నల్ల ప్లాస్టిక్ మీద తెల్ల మరకలు మిగిలి పాత టూత్‌బ్రష్‌తో తోమి వదిలించాల్సి వచ్చింది. కనపడీ కనపడనంత పల్చగా రాసి, పది నిమిషాలాగి, వేలితో గీస్తే శుభ్రంగా వచ్చినప్పుడు తుడిచేస్తే చాలు. ఇప్పుడు బండి మొత్తానికి పది గ్రాములు మించదు. ఇప్పటికి 14 సార్లు పెట్టాను, డబ్బాలో ఇంకా మూడో వంతు దాకా ఉంది. అద్దానికి మాత్రం తగలనివ్వద్దు. వైపర్ టకటకా కొట్టుకుంటుంది, రాత్రి వానలో ఎదుటి లైట్లు మసకబారతాయి.

మెరుపు గురించి ఎంత చెప్పినా తక్కువే. నలుపు మీద కార్నౌబా ఇచ్చే లోతు చూసి అమ్మ కూడా మెత్తబడింది. మా నాన్న చేతక్ స్కూటర్‌ని కిరసనాయిలు గుడ్డతో తుడిచి మెరిపించేవాడు, సాయంత్రానికి ఊళ్లో దుమ్మంతా దాని మీదే ఉండేది. ఇది అలా దుమ్ముని లాక్కోదు.

మన్నిక విషయంలో డబ్బా మీద మాట వేరు, హైదరాబాద్ ఎండ మాట వేరు. మూడు నెలలని రాసుంది. చలికాలంలో రెండు, రెండున్నర నెలలు ఉంటోంది. ఏప్రిల్, మే నెలల్లో ఆఫీసు దగ్గర ఎండలో నిలబడే నా బండి మీద నాలుగైదు వారాలకే నీళ్లు ముత్యాల్లా నిలవడం మానేసి చాపలా పరుచుకుంటాయి. ఇంకో చిక్కు మా బోరు నీళ్లు. ఆ ముత్యాలే ఎండలో ఆరితే ఒక్కోటి ఒక్కో సున్నపు చుక్క. వ్యాక్స్ ఉందన్న ధైర్యంతో బోరు నీళ్లతో కడిగి ఆరనిచ్చారో, కడగని బండే నయమనిపిస్తుంది. కడిగిన వెంటనే మందపాటి టవల్‌తో ఒత్తి ఆరబెట్టాలి. చుక్కలు పడితే వెనిగర్‌లో సగానికి సగం నీళ్లు కలిపి తుడిచి, మంచి నీళ్లతో కడిగేయాలి. అయితే ఆ చోట వ్యాక్స్ కూడా పోయినట్టే, మళ్లీ పెట్టుకోవాలి.

కాకి రెట్ట సంగతీ అంతే. అదే రోజు తడిపి తీస్తే ఆనవాలు ఉండదు. ఒక మే నెలలో మూడు రోజులు ఊరెళ్లొచ్చేసరికి పైకప్పు మీద రూపాయి బిళ్లంత మచ్చ దిగిపోయి ఉంది. వ్యాక్స్ ఒక పూట గడువిస్తుంది, అంతకంటే ఆశపడకూడదు.

అసలు నా కారుని కాపాడింది వ్యాక్స్ కాదేమో. నెలకి 500 తీసుకుని ఒకే గుడ్డ, ఒకే బకెట్టుతో సెల్లార్‌లో పన్నెండు కార్లు తుడిచే కుర్రాణ్ణి ఆపడమే పెద్ద పని. "ఏం సార్, నేను సరిగ్గా తుడవట్లేదా?" అని నొచ్చుకున్నాడు. 500 అలాగే ఇస్తూ టైర్లు, లోపలి మ్యాట్లు మాత్రం అప్పజెప్పాను. మాతోపాటే అదే నలుపు కొన్న పై ఫ్లోరు వాళ్ల బండిని ఇప్పుడు పక్కన పెట్టి చూస్తే, వాళ్లది సిరామిక్ చేయించిన బండి అంటే ఎవరూ నమ్మరు.

ఈ డబ్బా అయిపోయాక మళ్లీ ఇదే కొంటాను, కాకపోతే అక్టోబర్ నుంచి ఫిబ్రవరి దాకా వాడడానికి. వేసవికి స్ప్రే సీలెంట్, అంటే వ్యాక్స్ బదులు చల్లి తుడిచే రక్షణ ద్రవం, ఒకటి తెప్పించాను, వాష్ అయిన వెంటనే పది నిమిషాల పని. మెరుపు దీనంత రాదు గానీ మొన్న మే నెల మొత్తం నిలిచింది.