720 ఫిల్టర్, రివర్స్ రింగు, సూదిబెజ్జం మూత: వరంగల్ ఎండలో ఏది నిలిచింది

ముందు సరంజామా సంగతి. నికాన్ ఏపీఎస్-సీ (చిన్న సెన్సార్) డీఎస్ఎల్ఆర్ (లోపల అద్దం ఉండే) కెమెరా బాడీ, పాత 18-55 కిట్ లెన్స్, 50 మి.మీ. ఎఫ్/1.8డి లెన్స్. రెండు లెన్సుల ముందు థ్రెడ్ (ఫిల్టర్ తిప్పి బిగించే మర) 52 మి.మీ.లే కాబట్టి ఒకే 720 ఫిల్టర్, ఒకే రివర్స్ రింగు రెండింటికీ సరిపోయాయి. మూడో వస్తువు కొన్నది కాదు, చేసుకున్నది: బాడీ క్యాప్‌కు (లెన్స్ లేనప్పుడు కెమెరా నోటికి పెట్టే మూత) రంధ్రం పెట్టి కూల్‌డ్రింక్ డబ్బా రేకు అతికించిన సూదిబెజ్జం మూత. లెన్స్ బదులు ఆ బెజ్జంలోంచే వెలుగు పడుతుంది.

వరంగల్‌లో కెమెరా పట్టిన అందరి దగ్గరా దాదాపు ఒకే ఆల్బమ్ ఉంటుంది. వేయి స్తంభాల గుడి నంది, కోటలో కీర్తి తోరణం మధ్య సూర్యుడు, భద్రకాళి చెరువు మీద సాయంత్రం. అందుకే ఈ సమీక్షలో కొలత ఒక్కటే పెట్టుకున్నాను: ఆ వస్తువు నా చేత ఇంకేదైనా తీయించిందా, లేక అదే తోరణానికి కొత్త రంగు పూసి వదిలేసిందా? రంగు మాత్రమే పూసేవి నెల తిరక్కుండానే బ్యాగు అడుగుకు పోతాయి.

720 నానోమీటర్ల ఇన్‌ఫ్రారెడ్ ఫిల్టర్

ఎక్కువ కాలం వాడింది, ఎక్కువ సతాయించింది ఇదే. కంటికి కనిపించే ఎరుపు 700 నానోమీటర్ల దగ్గర అయిపోతుంది. ఈ నల్ల అద్దం దాదాపు అక్కడి నుంచి పైనున్న, కంటికి కనబడని ఇన్‌ఫ్రారెడ్ వెలుగునే లోపలికి పంపుతుంది. సెన్సార్‌లోని సిలికాన్ 1000 దాటినా చూడగలదు. కానీ రంగులు పాడవకుండా కంపెనీలు సెన్సార్ ముందు ఇన్‌ఫ్రారెడ్‌ను ఆపే గాజు పెడతాయి. అంటే మన ఫిల్టర్ ఆపనిదాన్ని లోపలి గాజు ఆపుతుంది. రెండింటి మధ్య కారే కాస్త వెలుగుతోనే ఫొటో రావాలి. నా బాడీలో నిండు ఎండలో ఐఎస్ఓ (సెన్సార్ సున్నితత్వం) 200, ఎఫ్/8 (అపర్చర్, అంటే లెన్స్ రంధ్రం కొలత; అంకె పెరిగేకొద్దీ రంధ్రం చిన్నది) దగ్గర 15 నుంచి 30 సెకన్లు పడుతోంది.

అందుకే ఫిల్టర్ కొనకముందే కెమెరాను పరీక్షించండి. చీకటి గదిలో లైవ్ వ్యూ (దృశ్యాన్ని వెనక తెర మీదే చూసే పద్ధతి) పెట్టి, టీవీ రిమోట్‌ను లెన్స్ వైపు తిప్పి బటన్ నొక్కండి. రిమోట్ ముక్కు దగ్గర చుక్క బాగా వెలిగితే పని నడుస్తుంది. మిణుకుమంటే 30 సెకన్లు కూడా చాలవు. నికాన్ డీ70 లాంటి పాత బాడీల్లో ఆ గాజు బలహీనం, కాబట్టి ఈ పనికి అవే మేలు.

ఫిల్టర్‌ను కూడా పరీక్షించాలి. 720 అని అచ్చు వేసి మామూలు ముదురు ఎరుపు అద్దాన్ని అమ్మేవాళ్లున్నారు. ఇంట్లో ఎల్ఈడీ బల్బు నుంచి ఇన్‌ఫ్రారెడ్ దాదాపు రాదు. అసలైన 720 అద్దంలోంచి చూస్తే ఆ బల్బు నల్లగానో, బొగ్గు ఆరిపోతున్నంత ఎరుపుగానో కనబడాలి. బల్బు ఎర్రగా ధగధగా వెలిగితే తిప్పి పంపేయండి. ఈ రకంలో హోయా ఆర్72 అందరూ కొలబద్దగా చెప్పుకునేది. నేను వాడింది పేరు లేని చవక అద్దమే, పరీక్షలో నెగ్గింది. దాని తంటా అంతా రిమ్‌తోనే: ఎండకు వేడెక్కితే థ్రెడ్‌లో బిగుసుకుపోతుంది. వేళ్లతో గట్టిగా పట్టుకుంటే రిమ్ నొక్కుకుపోయి ఇంకా బిగుస్తుంది. చుట్టూ వెడల్పాటి రబ్బరు బ్యాండు వేసి వదులుగా తిప్పితే వచ్చేస్తుంది.

తీసే పద్ధతికి ఒక వరుస ఉంది, అది తప్పితే ఫొటో పోతుంది. స్టాండు మీద కెమెరా బిగించి, ఫిల్టర్ లేకుండానే ఫ్రేము కట్టి ఆటో ఫోకస్ చేయాలి. ఫోకస్ స్విచ్‌ను ఎం (మాన్యువల్) కు మార్చాలి. ఇన్‌ఫ్రారెడ్ ఫోకస్ మామూలు వెలుగు కంటే కాస్త వెనక పడుతుంది కాబట్టి రింగును దగ్గరి దూరం వైపు ఒక వెంట్రుక తిప్పాలి. పాత మాన్యువల్ లెన్సుల మీద కనిపించే ఎర్ర చుక్క ఈ సవరణకే. మిగిలిన తేడాను ఎఫ్/8 సర్దేస్తుంది. ఆ తర్వాతే ఫిల్టర్ బిగించాలి. పాత 18-55లో ముందు భాగమే ఫోకస్ రింగు. ఫిల్టర్ తిప్పుతుంటే దాంతోపాటు ఫోకసూ తిరిగిపోతుంది. ఎడమ చేతి వేళ్లతో లెన్స్ ముందు అంచును కదలకుండా పట్టుకుని, ఫిల్టర్‌ను ఒకటిన్నర చుట్టు మాత్రమే తిప్పి ఆపేయండి, పూర్తిగా బిగించక్కర్లేదు.

చివరగా వ్యూఫైండర్ కంటిరంధ్రాన్ని నల్ల టేపుతో మూయాలి. 30 సెకన్లపాటు వెనక నుంచి ఎండ పడితే ఫొటో మధ్యలో పాలిపోయిన చార వస్తుంది. దాన్ని చూసి చాలామంది లెన్స్‌ను తిడతారు. లెన్స్ వల్ల వచ్చే హాట్‌స్పాట్ వేరు: ఫొటో నడిమధ్యన గుండ్రంగా తెల్లటి మచ్చ. అపర్చర్ మూసేకొద్దీ అది చిక్కబడుతుంది. 5.6, 8, 11, 16 దగ్గర ఒకే దృశ్యం తీసి పోల్చుకుంటే మీ లెన్స్ ఎక్కడిదాకా ఆగుతుందో తెలిసిపోతుంది.

వైట్ బ్యాలెన్స్‌ను (తెలుపును తెలుపుగా చూపే సర్దుబాటు) ఫిల్టర్ పెట్టిన తర్వాత ఎండలో ఉన్న పచ్చగడ్డి మీద ప్రీసెట్‌గా తీసుకోవాలి. లేకపోతే తెర మొత్తం ఎర్ర సిరా ఒలికినట్టే ఉంటుంది. రా ఫైళ్లను (కెమెరా దాచే ముడి ఫైళ్లు) డార్క్‌టేబుల్, రా థెరపీ సాఫ్ట్‌వేర్లలో దేంట్లోనైనా తెరవండి. లైట్‌రూమ్‌లో రంగు ఉష్ణోగ్రత స్లైడర్ 2000 కెల్విన్ కిందకు దిగదు, దానికి వేరే ప్రొఫైల్ చేసుకోవాలి. ఆకాశం నీలంగా కావాలంటే జింప్‌లో చానెల్ మిక్సర్ తెరిచి, ఎరుపు అవుట్‌పుట్‌లో ఎరుపు 0, నీలం 1; నీలం అవుట్‌పుట్‌లో ఎరుపు 1, నీలం 0 ఇవ్వాలి. నాకైతే ఆ నీలం కంటే నలుపు తెలుపే నచ్చుతుంది.

ఇంత తంటా దేనికంటే, ఆకు కోసం. ఆకుపచ్చదనాన్ని ఇచ్చే పత్రహరితం ఇన్‌ఫ్రారెడ్‌ను పట్టుకోదు, వదిలేస్తుంది. ఆకు లోపలి కణాల మధ్య గాలి ఖాళీలు దాన్ని వెనక్కి చిమ్ముతాయి. అందుకే చెట్టు తెల్లగా మెరుస్తుంది. నీరు ఇన్‌ఫ్రారెడ్‌ను తాగేస్తుంది, నిర్మలమైన ఆకాశం దాన్ని పెద్దగా చెదరగొట్టదు, కాబట్టి రెండూ నల్లబడతాయి. ఈ మూడూ ఒకచోట దొరికేది చెరువు కట్ట మీదే. గణపతిదేవుడి కాలంలో 1213 ప్రాంతంలో కట్టిన పాకాల చెరువు, చుట్టూ అడవి, మధ్యాహ్నం పన్నెండు గంటల ఎండ: మామూలు కెమెరాకు పనికిరాని వేళలో ఈ ఫిల్టర్ కళ్లు తెరుస్తుంది. కట్ట మీది తాటిచెట్లు, నాట్లు పడి పచ్చబడ్డ పొలం కూడా అంతే. వానలు వెనకబట్టాక వచ్చే తేట ఆకాశానిది అన్నిటికంటే మంచి అదను. మే నెల అనుకున్నంత బాగుండదు. మోదుగ లాంటి చెట్లు అప్పటికి ఆకు దులిపి ఇంకా నిండవు, ఆకాశం దుమ్ముతో పాలిపోయి ఉంటుంది. సెన్సార్ వేడెక్కి తెల్ల చుక్కలు కూడా వస్తాయి. లాంగ్ ఎక్స్‌పోజర్ నాయిస్ రిడక్షన్ ఆన్ చేస్తే ఆ చుక్కలు పోతాయి, కాకపోతే 30 సెకన్ల ఫొటోకు ఇంకో 30 సెకన్లు కాచుకోవాలి. కెమెరాకు గొడుగు పట్టండి.

రాయి దగ్గర ఈ ఫిల్టర్ చేతులెత్తేస్తుంది. కోటలో తోరణాలను దీంతో తీస్తే వచ్చేది మామూలు నలుపు తెలుపు ఫొటోనే, పైగా కాస్త మెత్తగా. రామప్ప మినహాయింపు, అదీ గుడి వల్ల కాదు, చుట్టూ ఉన్న పచ్చిక, చెట్ల వల్ల. ఒక సంగతి గుర్తుంచుకోండి: పురావస్తు సర్వే కట్టడాల్లో స్టాండు వాడాలంటే ముందే అనుమతి తీసుకోవాలి. 2021లో యునెస్కో జాబితాకెక్కిన రామప్పకూ, కోటకూ, వేయి స్తంభాల గుడికీ ఇది వర్తిస్తుంది. అనుమతి లేకపోతే అర కిలో శనగలు పోసిన గుడ్డ సంచిని బయట ఏ గట్టు మీదో పెట్టి దానిపై కెమెరా ఆనించడమే దారి. చెక్కిన రాయి మీద మాత్రం దేన్నీ పెట్టకండి.

గాలి వీచిందంటే కొమ్మలు పొగలా మారతాయి. దాన్ని లోపమనకుండా వాడుకోవచ్చు, ఫ్రేములో కదలని కాండమో బండో ఒకటుంటే చాలు.

52 మి.మీ. రివర్స్ రింగు

లెన్స్‌ను తిరగేసి బాడీకి బిగించే లోహపు వలయం. ఇందులో చెడిపోయేదేమీ లేదు, ఇన్నాళ్లకీ కొత్తదానిలానే ఉంది. తిరగేస్తే 50 మి.మీ. లెన్స్ వస్తువును దాదాపు అసలు సైజులోనే సెన్సార్ మీద వేస్తుంది. కిట్ లెన్స్‌ను 18 దగ్గర పెడితే మూడు రెట్లు దాటుతుంది. ఏ లెన్స్ పెట్టినా వస్తువు దాని వెనక అంచుకు సుమారు ఐదు సెంటీమీటర్ల దూరంలోనే ఉండాలి. నికాన్‌లో మౌంటు (లెన్స్ బిగించే చోటు) నుంచి సెన్సార్‌కు దూరం 46.5 మి.మీ. తిరగేసినా ఆ లెక్క పెద్దగా మారదు.

మొదట అందరూ తికమకపడేది అపర్చర్ దగ్గర. అపర్చర్ రింగు లేని నికాన్ జీ లెన్స్ బాడీ నుంచి ఊడితే పూర్తిగా మూసుకుపోతుంది, వ్యూఫైండర్ చీకటవుతుంది. వెనకున్న చిన్న మీటను జరిపి, మడిచిన కాగితం ముక్కతో ఆపాలి. 50 డి లెన్స్‌కు అపర్చర్ రింగు ఉంది కాబట్టి ఆ బాధ లేదు: ఎఫ్/2.8 దగ్గర ఫోకస్ చూసుకుని, ఎఫ్/8కి తిప్పి, షటర్ నొక్కాలి. కెనాన్ వాళ్లు లెన్స్ మామూలుగా బిగించి ఉండగానే కావలసిన అపర్చర్ పెట్టి, డెప్త్ ప్రివ్యూ బటన్ నొక్కి పట్టుకుని లెన్స్ విప్పితే అది అక్కడే ఆగిపోతుంది. చిన్న నికాన్ బాడీల్లో ఎం మోడ్ ఒక్కటే పనిచేస్తుంది, వెలుగు కొలిచే మీటర్ ఉండదు.

ఫోకస్ రింగును మరిచిపోండి. కెమెరానే మిల్లీమీటరు మిల్లీమీటరు ముందుకూ వెనక్కూ జరపాలి.

నా కొలతకు నూటికి నూరుపాళ్లు నిలబడింది ఇదే. బతుకమ్మ ముందు రోజుల్లో గునుగు పువ్వును దగ్గర్నుంచి చూస్తే అదొక గుడి గోపురం. తంగేడు పుప్పొడి, కొత్తవాడ జంపఖానాలో రెండు రంగుల నూలు కలిసే అంచు, పెంబర్తి ఇత్తడి మీద ఉలి గీత, ఇవన్నీ ఇది తీయించినవే. ఎండు మిర్చి తొక్క మీది ముడతలు కూడా బాగా వస్తాయి. కాకపోతే ఎనుమాముల మార్కెట్ యార్డులో నిలబడి లెన్స్ తిరగేయకండి. మిర్చి దుమ్ము బాడీలోకి పోతే సెన్సార్ శుభ్రం చేయించే ఖర్చు రింగు ధరను దాటుతుంది. పైగా తిరగేసిన లెన్స్ వెనక గాజు బయటికి ఉంటుంది, దానికి ఏ రక్షణా లేదు. నాలుగు కాయలు ఇంటికి తెచ్చుకోండి.

సూదిబెజ్జం మూత

బెజ్జం ఎంతుండాలో లెక్క ఉంది: రేకు నుంచి సెన్సార్‌కు దూరాన్ని 0.00055తో గుణించి, వర్గమూలం తీసి, 1.9తో గుణించాలి, అంతా మిల్లీమీటర్లలో. 46.5కు వచ్చేది 0.3 మి.మీ. అపర్చర్ ఎఫ్/155. లెన్స్‌తో ఎఫ్/16 దగ్గర మీటర్ చెప్పిన సమయాన్ని 94తో గుణిస్తే ఎక్స్‌పోజర్ వస్తుంది. ఐఎస్ఓ 100లో ఎండకు సుమారు ఒక సెకను, పొద్దుగూకే వేళ 1/4 సెకను చూపిస్తే 24 సెకన్లు.

క్యాప్ నడుమ 6 మి.మీ. రంధ్రం డ్రిల్ చేసి, ప్లాస్టిక్ పొట్టు పోయేలా సబ్బుతో కడిగి ఆరబెట్టాలి. రేకును అట్ట మీద పెట్టి సన్నసూది మొనతో పొడవకుండా గుండ్రంగా తిప్పుతూ నొక్కాలి. వెనక లేచిన పొక్కును 1000 నంబరు ఎమెరీ కాగితంతో అరగదీసి, మళ్లీ సూది తిప్పాలి. లోపలి వైపు నల్ల మార్కర్ పూయకపోతే మెరుపు చారలొస్తాయి. బెజ్జం పక్కన స్టీల్ స్కేలు పెట్టి పై రివర్స్ రింగుతో ఫొటో తీస్తే సైజు కచ్చితంగా తెలుస్తుంది. 0.4 దాటితే రేకు పారేయండి.

ఎఫ్/155 దగ్గర సెన్సార్ మీది ప్రతి ధూళికణం నల్ల మచ్చగా కనబడుతుంది. నిజం చెప్పాలంటే డీఎస్ఎల్ఆర్ మీద ఇది సగం సరదాయే: కోణం ఇరుకు, ఫ్రేము కనబడదు, బొమ్మ మెత్తన. సోనీ లాంటి మిర్రర్‌లెస్‌లో (లోపల అద్దం లేని కెమెరా) మౌంటు నుంచి సెన్సార్‌కు దూరం 18 మి.మీ. కాబట్టి 0.19 బెజ్జంతో విశాలమైన దృశ్యం, మూలల్లో చీకటి వస్తాయి. దానికోసం లెన్స్ లేకుండా షటర్ పడే సెట్టింగును మెనూలో ఆన్ చేయాలి.

ఫిల్టర్ మీద వాజ్‌లైన్ పూయడం, లెన్స్ ముందు పట్టకం పట్టడం కూడా కొంతకాలం నడిచాయి. రెండూ రంగు పూసే రకమే.

ఇన్‌ఫ్రారెడ్ నచ్చి స్టాండు విసుగొస్తే, పాత బాడీలో సెన్సార్ ముందు ఇన్‌ఫ్రారెడ్‌ను ఆపే గాజు తీయించి 720 గాజు వేయించుకోవచ్చు. అప్పుడు ఎండలో చేత్తోనే 1/125 దగ్గర తీయొచ్చు, కానీ ఆ బాడీతో మామూలు రంగు ఫొటోలకు ఇక సెలవే. ఇంట్లో స్క్రూడ్రైవర్‌తో మాత్రం తెరవకండి. బ్యాటరీ తీసినా ఫ్లాష్ కెపాసిటర్‌లో షాక్ కొట్టేంత కరెంటు నిలిచి ఉంటుంది.