డిక్కీలో పోర్టెడ్ సబ్‌వూఫర్ పెట్టె: విన్‌ఐఎస్‌డీ చెప్పే లెక్కలు, చెప్పని లెక్కలు

స్పీకరు పెట్టెల రూపకల్పన కోసం ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్లలో లీనియర్‌టీమ్ రూపొందించిన విన్‌ఐఎస్‌డీకి చాలాకాలంగా మంచి పేరుంది. ఇంట్లో పెట్టుకొనే స్పీకర్లకూ దీన్ని వాడతారు గాని, కారు డిక్కీలో పోర్టెడ్ సబ్‌వూఫర్ పెట్టె (లోతైన బేస్ స్వరాలు పలికే స్పీకరుకు, గాలి ఆడే గొట్టం లేదా చీలిక, అంటే పోర్టు, పెట్టి చేసిన పెట్టె) కట్టేవారికి ఇది ఎంతవరకు ఉపయోగపడుతుందన్నదే ఈ సమీక్ష పరిధి. నా అంచనా ముందే చెబుతాను. ప్రాజెక్టు తెరవగానే కంటబడే స్పందన గ్రాఫు (ఏ పౌనఃపున్యంలో ఎంత శబ్దం వస్తుందో చూపేది) కారు విషయంలో అన్నిటికంటే తక్కువ నమ్మదగినది. కోను (స్పీకరులో ముందుకూ వెనక్కూ ఆడే పొర) కదలికను, పోర్టులో గాలి వేగాన్ని చూపే రెండు గ్రాఫులలోనే దీని అసలు విలువ ఉంది. విచిత్రమేమిటంటే చాలామంది ఆ రెండింటినీ తెరవకుండానే చెక్క కోయడం మొదలుపెడతారు.

దీని లెక్కలకు ఆధారం పాతదే. ఆస్ట్రేలియా ఇంజినీరు నెవిల్ థీల్ 1961లో ప్రచురించిన పత్రం, 1970ల తొలి సంవత్సరాలలో రిచర్డ్ స్మాల్ దాన్ని విస్తరిస్తూ చేసిన కృషి కలిసి, స్పీకరునూ పెట్టెనూ పోర్టునూ ఒకే విద్యుత్ ఫిల్టరుగా భావించి ముందే లెక్కగట్టవచ్చని నిరూపించాయి. సబ్‌వూఫర్‌తో వచ్చే పత్రంలో ఎఫ్ఎస్ (స్పీకరు సహజంగా కంపించే పౌనఃపున్యం), క్యూటీఎస్ (ఆ కంపనం ఎంత త్వరగా అణగుతుందో చెప్పే అంకె), వీఏఎస్ (కోనును పట్టి ఉంచే భాగాల మెత్తదనానికి సమానమైన గాలి పరిమాణం) వంటి విలువలు అచ్చు వేయడానికి కారణం అదే. విన్‌ఐఎస్‌డీ ఆ విలువలను తీసుకొని గ్రాఫులు గీస్తుంది.

ఈ విలువలను ఎక్కించే పేజీ కొత్తవారిని తికమక పెడుతుంది. థీల్–స్మాల్ విలువలలో చాలావరకు ఒకదానిపై ఒకటి ఆధారపడినవే కాబట్టి, కొన్ని ఇస్తే మిగిలినవాటిని సాఫ్ట్‌వేర్ తానే లెక్కిస్తుంది. తయారీదారులు దశాంశాలను సవరించి అచ్చు వేసిన అంకెలన్నిటినీ వరుసగా దింపితే, వాటిలో ఒకటికొకటి పొసగనివి తప్పక ఉంటాయి. క్యూటీఎస్‌ను నేరుగా ఇవ్వకుండా దాని విద్యుత్, యాంత్రిక భాగాలైన క్యూఈఎస్, క్యూఎంఎస్‌లను ఇచ్చి దాన్ని లెక్కించనివ్వడం, ఎఫ్ఎస్, వీఏఎస్, కోను వైశాల్యం ఇచ్చి కదిలే భాగపు బరువును దానికే వదిలిపెట్టడం మేలైన పద్ధతి. అలా వచ్చిన బరువు, పత్రంలో అచ్చయిన బరువు బాగా తేడాగా ఉంటే పత్రాన్నే అనుమానించాలి. ప్రమాణాల విషయంలోనూ జాగ్రత్త అవసరం. అంకె పక్కనున్న ప్రమాణాన్ని నొక్కితే లీటర్లు ఘనపుటడుగులుగా మారడం సౌకర్యమే గాని, ఒక ఘనపుటడుగు అంటే 28.3 లీటర్లు; అక్కడ పొరపాటు జరిగితే తరువాతి గ్రాఫులన్నీ వృథా.

ఇకపై చెప్పేవాటికి ఒక ఊహాజనిత 12 అంగుళాల సబ్‌వూఫర్‌ను ఉదాహరణగా తీసుకుందాం. ఎఫ్ఎస్ 28 హెర్ట్జ్, క్యూఈఎస్ 0.50, క్యూఎంఎస్ 4.5, వీఏఎస్ 50 లీటర్లు, కోను ఒక వైపుకు సురక్షితంగా కదలగల దూరం, అంటే ఎక్స్‌మాక్స్, 14 మిల్లీమీటర్లు. క్యూటీఎస్ 0.45 వస్తుంది. ఎఫ్ఎస్‌ను క్యూఈఎస్‌తో భాగిస్తే వచ్చే 56 అన్న అంకె, ఈ స్పీకరు మూసిన పెట్టెలోనూ పోర్టెడ్ పెట్టెలోనూ పనిచేయగలదని సూచిస్తుంది. కారు సబ్‌వూఫర్లలో ఇటువంటివి తరచుగా కనిపిస్తాయి. దీన్ని 55 లీటర్ల పెట్టెలో పెట్టి 33 హెర్ట్జ్‌కు ట్యూన్ చేద్దాం, అంటే పోర్టు ఆ పౌనఃపున్యం దగ్గర బలంగా మోగేలా అమర్చుదాం.

స్పందన గ్రాఫులో 40 హెర్ట్జ్ దగ్గర సుమారు 3 డెసిబెల్స్ ఉబ్బు కనిపిస్తుంది. 33 దాటి కిందికి వెళ్తే రేఖ నిటారుగా పడిపోతుంది. ఆ ఉబ్బును చదును చేయాలన్న కోరిక ఎవరికైనా కలుగుతుంది. కాని ఈ గ్రాఫు పెట్టె చుట్టూ కారు లేదన్న భావనతో గీసినది. ధ్వని తరంగపు సగం పొడవు కారు లోపలి పొడవును మించినప్పుడు, అక్కడ తరంగం సాగదు. లోపలి గాలి మొత్తం ఒక్కటిగా నొక్కుకొని వ్యాకోచిస్తుంది, దానితో ఒత్తిడి పెరుగుతుంది. లోపలి పొడవు 2.75 మీటర్లనుకుంటే ఇది సుమారు 62 హెర్ట్జ్ దగ్గర మొదలవుతుంది. బిగుతుగా మూసిన గదిలోనైతే అక్కడినుంచి కిందికి ప్రతి ఆక్టేవుకు (పౌనఃపున్యం సగమయ్యే ప్రతిసారీ) 12 డెసిబెల్స్ చొప్పున లాభం రావాలి. అద్దాలు, పైకప్పు రేకు, సందులు కొంత కాజేస్తాయి కాబట్టి అసలు కారులో అంత రాదు. సీటు వెనుక డిక్కీ వేరుగా ఉండే సెడాన్‌లో ఇంకా తగ్గుతుంది. అయినా సిద్ధాంతం ప్రకారం 40 హెర్ట్జ్ దగ్గరే 7 డెసిబెల్స్‌కు పైగా కలుస్తుందంటే, తెర మీది ఉబ్బుకూ కారులో వినబడేదానికీ ఎంత దూరమో తెలుస్తుంది. మూసిన పెట్టె ఆక్టేవుకు 12 డెసిబెల్స్ చొప్పున తగ్గుతుంది కాబట్టి కారు లాభంతో దాదాపు సరితూగుతుంది. పోర్టెడ్ పెట్టె ట్యూనింగుకు దిగువన 24 డెసిబెల్స్ చొప్పున పడుతుంది, కాబట్టి అక్కడ కారు దాన్ని సగమే ఆదుకోగలదు.

విన్‌ఐఎస్‌డీలో ఈ లోటును కొంత పూడ్చుకొనే దారి ఉంది. ఫిల్టర్ల పేజీలో లింక్‌విట్జ్ ట్రాన్స్‌ఫార్మ్ అనే, తక్కువ పౌనఃపున్యాల స్థాయిని మార్చే ఫిల్టరును వాడి 60 హెర్ట్జ్ దిగువన రేఖను ఎత్తితే కారు ప్రభావానికి ఒక ముతక నమూనా దొరుకుతుంది. అయితే ఒక హెచ్చరిక: అక్కడ కలిపిన ఫిల్టరును సాఫ్ట్‌వేర్ సంకేతంలో భాగంగానే పరిగణించి కోను కదలికనూ ఎక్కువ చేసి చూపుతుంది. కారు ఇచ్చే లాభం స్పీకరును అదనంగా కదిలించదు. కాబట్టి ఆ నమూనాను స్పందన చూడటానికి మాత్రమే వాడి, మిగిలిన గ్రాఫులు తెరిచే ముందు తీసివేయాలి.

కోను కదలిక గ్రాఫు విషయంలో సాఫ్ట్‌వేర్ మీద నాకు పూర్తి గౌరవం ఉంది. సంకేతం పేజీలో ఆంప్లిఫయరు అసలు శక్తిని, ఇక్కడ 500 వాట్లను, ఇస్తేనే ఈ గ్రాఫుకు అర్థం. ట్యూనింగ్ పౌనఃపున్యం దగ్గర పోర్టులోని గాలి పని చేస్తుంది కాబట్టి కోను దాదాపు నిలిచిపోతుంది. రేఖలో లోతైన పల్లం కనిపిస్తుంది. 40 హెర్ట్జ్ దగ్గర మన స్పీకరు 10 మిల్లీమీటర్ల లోపే కదులుతుంది. ట్యూనింగుకు దిగువన మాత్రం పోర్టు గాలి పెట్టెలోని ఒత్తిడిని నిలపదు, కోనుకు వెనుకనుంచి ఆసరా పోతుంది. 27 హెర్ట్జ్ కిందికి దిగగానే రేఖ 14 మిల్లీమీటర్ల ఎర్రగీతను దాటి పైకి పోతుంది. పోర్టెడ్ పెట్టెలలో సబ్‌వూఫర్లు చెడిపోయే ప్రధాన మార్గాలలో ఇదొకటి, పైగా వినేవారికి ముందుగా ఏమీ తెలియదు. అంత తక్కువ పౌనఃపున్యంలో శబ్దం ఎలాగూ అంతంత మాత్రమే. ఫిల్టర్ల పేజీలో 27 నుంచి 30 హెర్ట్జ్ మధ్య ఒక హైపాస్ (దిగువ పౌనఃపున్యాలను ఆపే ఫిల్టరు) చేర్చి అదే గ్రాఫును మళ్లీ చూస్తే, ఆంప్లిఫయరులోని సబ్‌సోనిక్ ఫిల్టరును ఎక్కడ నిలపాలో చెక్క కోయకముందే తేలిపోతుంది.

పోర్టు సంగతికి వస్తే, చాలా పెట్టెలు చెడేది ఇక్కడే. పోర్టులోని గాలి బరువుగా, పెట్టెలోని గాలి స్ప్రింగుగా పనిచేస్తాయి కాబట్టి, వైశాల్యం పెంచితే అదే ట్యూనింగు నిలవడానికి పొడవూ పెంచాలి. 55 లీటర్లకు 33 హెర్ట్జ్ కావాలంటే 10 సెంటీమీటర్ల వ్యాసం గల గొట్టం ఒకటి సుమారు 32 సెంటీమీటర్ల పొడవు ఉంటే చాలు. చూడటానికి ఎంతో అనుకూలంగా ఉంటుంది. గాలి వేగం గ్రాఫు తెరిస్తే 500 వాట్ల వద్ద ట్యూనింగు పరిసరాలలో సెకనుకు 30 మీటర్లు దాటిపోతుంది. ధ్వని వేగంలో 5 శాతం, అంటే 17 మీటర్ల లోపు ఉంచాలన్నది జాగ్రత్తపరుల నియమం; రోడ్డు రొద ఉన్న కారులో 25 వరకు సహించేవారున్నారు. దాన్ని మించితే పోర్టు బుసకొడుతుంది, అంతకంటే ముఖ్యంగా శక్తి పెంచినా శబ్దం పెరగదు. ఈ రెండో నష్టాన్ని సాఫ్ట్‌వేర్ లెక్కలోకి తీసుకోదు. గాలి ఎంత వేగంగా పోయినా పోర్టు ఆదర్శంగానే పనిచేస్తుందని భావించి స్పందన గీస్తుంది. వేగం గ్రాఫును చూడకుండా స్పందన గ్రాఫును నమ్మకూడదనడానికి ఇది చాలు.

వైశాల్యాన్ని రెట్టింపు చేస్తే వేగం సగమవుతుంది. 35 సెంటీమీటర్ల ఎత్తు, 4.5 సెంటీమీటర్ల వెడల్పు గల చీలిక పోర్టు 157 చదరపు సెంటీమీటర్లు ఇస్తుంది, కాని పొడవు 68 సెంటీమీటర్లకు చేరుతుంది. డిక్కీలో పట్టే పెట్టె లోతు దానిలో సగం. పోర్టును లోపల ఎల్ ఆకారంలో మడవక తప్పదు. పొడవు మరీ పెరిగితే పోర్టు స్వయంగా గొట్టంలా మోగే ప్రమాదముంది. ఆ పౌనఃపున్యాన్ని విన్‌ఐఎస్‌డీ పోర్టు పేజీలోనే చూపడం నాకు నచ్చిన చిన్న సౌకర్యం. ఇక్కడది 200 హెర్ట్జ్‌కు పైనే పడుతుంది కాబట్టి, 80 హెర్ట్జ్‌కు పైనున్న స్వరాలను కోసివేసే సబ్‌వూఫర్‌కు బాధ లేదు.

ఇక్కడినుంచి సాఫ్ట్‌వేర్ చేయి వదిలేస్తుంది. మనం ఇచ్చిన 55 లీటర్లు స్పీకరు, పోర్టు, చెక్క పోగా మిగిలే గాలి మాత్రమే. మడత పోర్టు లోపలి గాలి 10.7 లీటర్లు, దాన్ని విడదీసే 18 మిల్లీమీటర్ల ఎండీఎఫ్ (చెక్క నారను అదిమి చేసిన పలక) గోడ సుమారు 4.3 లీటర్లు, స్పీకరు వెనుక భాగం 3 లీటర్లు అనుకుంటే, పెట్టె లోపలి మొత్తం 73 లీటర్లు కావాలి. వెనుక సీటు వాలుకు తగ్గట్టు ముఖం ఏటవాలుగా ఉండే పెట్టెకు పై లోతునూ కింది లోతునూ కూడి సగం చేసి ఎత్తుతో, వెడల్పుతో గుణించాలి: పైన 30, కింద 42, ఎత్తు 35, వెడల్పు 58 సెంటీమీటర్లయితే సరిగ్గా 73 లీటర్లు వస్తుంది. లోపల అడ్డుకర్రలు బిగిస్తే వాటి పరిమాణాన్నీ కలుపుకోవాలి. ఈ కొలతలను, పలకల కోత జాబితాను విన్‌ఐఎస్‌డీ ఇవ్వదు. పెట్టె డిక్కీలో ఇమడటం ఒక ఎత్తు, డిక్కీ మూతి గుండా లోపలికి దూరడం మరో ఎత్తు; మూతి కొలత ఎప్పుడూ లోపలి కొలత కంటే చిన్నదే. పోర్టు నోరు డిక్కీ గోడకు ఆనుకోకుండా, కనీసం చీలిక వెడల్పంతయినా ఖాళీ ఉండాలన్నదీ మనమే గుర్తుంచుకోవాలి.

మరో లోటు మరింత సూక్ష్మమైనది. పోర్టు చివరలకు ఆవల కొంత గాలి కూడా కలిసి కదులుతుంది కాబట్టి, లెక్కలో వచ్చిన పొడవునుంచి కొంత తగ్గించాలి. విన్‌ఐఎస్‌డీ ఇందుకు వ్యాసాన్ని 0.732తో గుణించి తీసివేస్తుంది. ఒక చివర పెట్టె ముఖానికి సమంగా, మరో చివర లోపల స్వేచ్ఛగా ఉండే గుండ్రటి గొట్టానికి ఇది చక్కగా సరిపోతుంది. పెట్టె గోడలనే తన గోడలుగా వాడుకొనే చీలిక పోర్టులో మాత్రం, లోపలి చివర దాటిన తరువాత కూడా ఆ గోడలు గాలిని కొంతదూరం పట్టి ఉంచుతాయి. పోర్టు కాగితం మీదికంటే పొడవుగా ప్రవర్తిస్తుంది, ట్యూనింగు అనుకున్నదానికంటే కిందికి జారుతుంది. ఈ గుణకాన్ని మార్చుకొనే వీలు ఉండటం మెచ్చదగినదే గాని, ఎంతకు మార్చాలో చెప్పే సహాయం సాఫ్ట్‌వేర్‌లో లేదు. డేవిడ్ మెక్‌బీన్ రూపొందించిన ఉచిత సాఫ్ట్‌వేర్ హార్న్‌రెస్ప్ లోతైన లెక్కలకు ఇంతకంటే సమర్థమైనది; అయితే సంక్షిప్త అక్షరాలతో నిండిన దాని తెర ముందు కొత్తవారు ఎంతసేపు కూర్చుంటారన్నది అనుమానమే. మొదటి పెట్టె కట్టేవారికి నేను విన్‌ఐఎస్‌డీనే సూచిస్తాను. విండోస్‌లో మాత్రమే నడవడం, ముఖం పాతకాలపుదిగా ఉండటం వంటివి పెద్ద ఇబ్బందులు కావు.

పెట్టె పూర్తయ్యాక కూడా ఇది పనికివస్తుంది. ఇంపిడెన్స్ (స్పీకరు విద్యుత్తుకు చూపే నిరోధం) గ్రాఫులో రెండు శిఖరాలు, వాటి నడుమ ఒక పల్లం ఉంటాయి; ఆ పల్లం ఉన్నచోటే ట్యూనింగ్. కట్టిన పెట్టెను కొలిచి అదే పల్లం ఎక్కడుందో చూడవచ్చు. కొలిచే పరికరం లేకపోతే తక్కువ శబ్దంలో స్వచ్ఛమైన స్వరాన్ని ఒక్కో హెర్ట్జ్ చొప్పున దించుతూ కోను ఎక్కడ అతి తక్కువగా కదులుతుందో కంటితో గమనించినా చాలు. 33 అనుకున్నది 31 అని తేలితే ఆ అంకెను ప్రాజెక్టులో ఎక్కించి కదలిక గ్రాఫును మళ్లీ తెరవాలి. ట్యూనింగు తగ్గినప్పుడు 40 హెర్ట్జ్ పరిసరాలలో కోను మునుపటికంటే ఎక్కువగా కదులుతుంది. ఆ రేఖ ఎర్రగీతకు లోబడే ఉంటే పెట్టెను అలాగే ఉంచి, సబ్‌సోనిక్ ఫిల్టరును రెండు హెర్ట్జ్ కిందికి దించుకోవచ్చు. దాటితే పోర్టు లోపలి చివరను కాస్త కోయాలి. అందువల్ల జిగురు పెట్టి శాశ్వతంగా మూసే చివరి పలకగా, ఆ చివరకు చేయి అందే వైపునున్న పలకను మిగుల్చుకోవడం మంచిది.