కనబడని స్టాండుకు 4,200 రూపాయలు

తెనాలి దగ్గర ఒక డిగ్రీ కాలేజీలో చరిత్ర చెబుతాను. మా స్టాఫ్ రూమ్ పక్కన చిన్న మ్యూజియం గది ఉంది. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు ఇచ్చిన పాత వస్తువులు 60 దాకా ఉంటాయి. దాని తాళంచెవి పన్నెండేళ్లుగా నా దగ్గరే ఉంది కాబట్టి, దేనికి ఏమైనా నా మెడకే చుట్టుకుంటుంది. పోయినేడాది అందులో 11 వస్తువులకు హైదరాబాద్‌లో ఒకాయనతో మౌంట్లు చేయించాం. ఆయన పని గురించే ఈ రివ్యూ. పేరు, ఫోన్ నంబర్ రాయొద్దన్నారు. ఉన్న పనికే చేతులు చాలట్లేదట. అందుకని మేం పిలిచినట్టే ఆచారి గారు అంటాను.

మౌంట్ అంటే అద్దాల బీరువాలో వస్తువును నిలబెట్టే ఊత. స్టాండ్ అనొచ్చు కానీ, రెడీమేడ్ జాకెట్టుకీ కొలతలిచ్చి కుట్టించుకున్న జాకెట్టుకీ ఎంత తేడా ఉంటుందో దీనికీ అంతే. ఒకదాని మౌంట్ ఇంకోదానికి పట్టదు.

అంతకుముందు బట్టల షాపులకు స్టాండ్లు చేసే ఒకతనితో చేయించి దెబ్బతిన్నాం. స్టీలు కొక్కేలు, వాటి మీద నల్ల రబ్బరు షీటు అంటించి ఇచ్చాడు. చూడ్డానికి నీటుగానే ఉంది. వర్షాకాలం పోయేసరికి మా వెండి కడియాల మీద రబ్బరు ఆనిన చోటల్లా వేలెడు వెడల్పున నల్ల చారలు. రబ్బరులో గంధకం ఉంటుందనీ, అది వెండిని నల్లబరుస్తుందనీ మా కెమిస్ట్రీ సార్ తీరిగ్గా తర్వాత చెప్పారు. ఆ అబ్బాయిని అని లాభం లేదు. గీతలు పడకుండా మెత్తగా ఏదైనా వెయ్యి అని చెప్పింది నేనే.

ఆచారి గారి దగ్గరికి మొదట తీసుకెళ్లింది కుండని. అడుగు గుండ్రం, ఒక పక్క ఎప్పుడో అతికించిన పగులు. ఇన్నాళ్లూ చుట్టకుదురు మీద కూర్చోబెట్టాం. దానివల్ల అడుగున కుమ్మరి చెక్కతో కొట్టిన గుర్తులు ఎవరికీ కనపడేవి కావు. పిల్లలకు చూపించాల్సిందే అవి. కారులో హైదరాబాద్ దాకా ఒళ్లో పెట్టుకునే వెళ్లాను. వర్క్‌షాప్‌లోకి అడుగు పెట్టగానే ఆయన అన్న మొదటి మాట, "మేడమ్, గాజులు తీసేసి పట్టుకోండి." ఆయనా చేతికున్న ఉంగరం తీసి జేబులో వేసుకున్నారు. నాకు అక్కడే సగం టెన్షన్ తగ్గింది.

ఫోము పరిచిన బల్ల మీద కుండని అటూ ఇటూ తిప్పుతూ పావుగంట చూశారు. "బరువు అతుకు లేని వైపు ఎక్కువుంది. ఆ వైపే మోయిద్దాం," అన్నారు. ఆ తర్వాత కుండకు వంటింట్లో వాడే పల్చటి ప్లాస్టిక్ చుట్టి, మెత్తటి అల్యూమినియం తీగని దాని ఒంటికి ఆనించి వంపులు పట్టారు. కుండని పక్క గదిలో పెట్టించాకే మంట వెలిగించారు. తీగ వంపు ప్రకారం ఇత్తడి కడ్డీని ఎర్రబడేదాకా కాల్చి, చల్లార్చి, వంచడం. వంచేకొద్దీ ఇత్తడి బిరుసెక్కుతుంది, అప్పుడు మళ్లీ కాల్చాలి. కింద మూడు చేతులు, మెడ దగ్గర ఒక సన్న వేలు. కడ్డీలు కలిసే అతుకుల దగ్గర వెలిగారం రాసి వెండి టంకం పెట్టారు. అచ్చం కంసాలి పనే. వాళ్ల నాన్నగారు నగలే చేసేవారట. ఆకురాయితో అంచులు నున్నగా చేసి, బాగా కడిగి, కుండ తగిలే చోట్ల తెల్లటి పాలిథిలిన్ ఫోము ముక్కలు అంటించారు. కడ్డీలకు పీవీసీ గొట్టం తొడిగితే తేలిక కదా అన్నాను. అది పాతబడితే ఆమ్లం వదులుతుందట, వద్దన్నారు.

సాలార్‌జంగ్ మ్యూజియంలో మెఫిస్టోఫెలిస్ బొమ్మ వెనక అద్దం ఉంటుంది చూడండి, అదే కొయ్యకు వెనకవైపు చెక్కిన మార్గరెట్టా అందులోనే కనిపిస్తుంది. అలా మా కుండ కిందా ఒక అద్దం పెడదామన్నాను. ఆయన ఒక్క క్షణం ఆలోచించి, "అయితే నా చేతులు కూడా కనపడతాయి," అని కడ్డీల అడుగు వైపుకీ మట్టిరంగు వేశారు. ఆ రంగు కుదరడానికి నా కళ్లెదుటే నాలుగుసార్లు కలిపారు. ఇప్పుడు ఆ కుండ గాల్లో కూర్చున్నట్టుంటుంది. తియ్యాలంటే మెడ దగ్గరి వేలు పక్కకు తిప్పి రెండు చేతులతో పైకి ఎత్తడమే. స్క్రూ లేదు, జిగురు లేదు. దీనికి 4,200 తీసుకున్నారు. మా ప్రిన్సిపాల్ గారు బిల్లు చూసి, "స్టాండ్ ఏదమ్మా?" అన్నారు.

జిగురు మాట ఎత్తితే ఆయనకు కోపం వస్తుంది. మా అమరావతి స్తూపం శిల్పాల పలకల్ని ఒకప్పుడు మద్రాసు మ్యూజియంలో సిమెంటు పెట్టి గోడలోకి బిగించేశారని నేను చెబితే, పని ఆపి మరీ విన్నారు. "తియ్యడానికి రానిది మౌంట్ కాదు మేడమ్, సమాధి," అన్నారు.

నాకు బాగా నచ్చింది మాత్రం తోలుబొమ్మ. హనుమంతుడు, మూడడుగులు ఉంటాడు. ఇదివరకు భుజాల చిల్లుల్లోంచి నైలాను దారం దూర్చి వేలాడదీశాం. చిల్లులు సాగి, ఒక భుజం దగ్గర చిరుగు మొదలైంది. ఆచారి గారు బొమ్మ ఆకారం కంటే కొంచెం లోపలికి అక్రిలిక్ షీటు కోసి, దాన్ని వెనక్కి వాల్చి, తొమ్మిది చోట్ల సన్నటి ఇత్తడి పట్లు పెట్టారు. మోచేతులకీ మోకాళ్లకీ విడివిడిగా ఊత ఉంది కాబట్టి కీళ్ల ముడుల మీద బరువు పడదు. పట్లు బిగించలేదు, వదులుగా ఉంచారు. తేమకు తోలు సాగుతుంది, ముడుచుకుంటుంది, దానికి చోటుండాలి. వెనక నుంచి వెలుతురు 50 లక్స్ (లక్స్ అంటే వెలుతురు కొలత) దాటనివ్వొద్దని మరీ మరీ చెప్పారు. ఆ కాస్త వెలుతురుకే ఎరుపు, ఆకుపచ్చ అద్దకాలు తెర మీద ఆడుతున్నట్టే కనిపిస్తాయి.

ఇక లోపాలు. చెప్పిన తేదీకి ఏడు వారాలు ఆలస్యం. ఫోన్ చేస్తే "అయిపోయింది మేడమ్" అంటారు, అవదు. ఆవిష్కరణకు మంత్రిగారు రాకపోవడం వల్ల బతికిపోయాను. రెండోది, అడుగు పీఠం ధర మొదట చెప్పలేదు. మేం ఎండీఎఫ్ చెక్క (చెక్కపొట్టును జిగురుతో నొక్కి చేసే పలక) కోయించి సిద్ధంగా పెట్టుకుంటే, మూసిన బీరువాలో అది వదిలే ఆవిర్లు లోహాలకు మంచివి కావని తిప్పి పంపారు. మాట నిజమే కావచ్చు, కానీ అక్రిలిక్ పీఠాలకు ఇంకో 9,000 అయ్యాయి. ఆ సంగతి కొటేషన్‌లోనే ఉండాలి. మూడోది, హనుమంతుడి ఎడమ కన్ను పక్కన ఒక ఇత్తడి పట్టు నీడ పడుతోంది. ఫొటో పంపాను, వచ్చి చూస్తానన్నారు, ఇంకా రాలేదు.

అయినా తాటాకు గ్రంథం పని ఆయనకే ఇచ్చాను. సంక్రాంతి తర్వాతే అన్నారు, అంటే ఉగాదికి అనుకుంటున్నా.

ఆ వెండి కడియాల్ని కూడా ఆయనకే ఇచ్చాను. చారలు తుడిచేద్దామంటే ఒప్పుకోలేదు, పాలిష్ పెట్టిన ప్రతిసారీ పైన కొంత వెండి పోతుందట. పాత రబ్బరు కొక్కేలు తీసేసి, చారలు వెనక్కి వచ్చేలా తిప్పి, కొత్త ఊతలు సరిగ్గా ఆ నల్లటి చోట్ల మీదకే వచ్చేట్టు చేసి ఇచ్చారు.