స్పై సినిమా: స్టంట్లా, నిశ్శబ్దమా?

2011లోనే రెండు రకాలూ వచ్చాయి. ‘మిషన్ ఇంపాసిబుల్: ఘోస్ట్ ప్రోటోకాల్’లో టామ్ క్రూజ్ 828 మీటర్ల బుర్జ్ ఖలీఫా గోడ పట్టుకుని ఎక్కుతాడు. ‘టింకర్ టైలర్ సోల్జర్ స్పై’లో ఒక గూఢచారి సొంత ఆఫీసులోనే ఫైలు కొట్టేస్తాడు. టెన్షన్‌లో ఏదీ తక్కువ కాదు.

ఖర్చు: మొదటిదానికి డబ్బు, రెండోదానికి గట్టి నటులు.

నమ్మకం: గోడ మీద ఉండగానే, గోడకి అతుక్కునే గ్లవ్స్‌లో ఒకటి మొరాయిస్తుంది. మనం నమ్మేది సరిగ్గా అక్కడే. దెబ్బ తగలని హీరో అంటే నాకైతే విసుగు. ఫైలు సీన్‌కి ఆ హంగులేవీ అక్కర్లేదు, దొరికిపోతే గతేంటన్న భయం చాలు.

రిస్క్: ఒకటి అతి అవుతుంది, ఇంకోటి నిద్రపుచ్చుతుంది.

థియేటర్లో గుంపుగా అయితే మొదటిది. ఫోన్ పక్కన పడేసి చూసే ఓపికుంటే రెండోది.